ఎవరికీ అక్కర్లేని ఆస్తి

ఆదివారం పొద్దున రెండో వాయి ఇడ్లీ దించుతుంటే ధీరజ్ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పిలిస్తే తప్ప అటువైపు రాని కొడుకు పిలవకుండా వచ్చాడంటే ఏదో పని ఉందని తారామణికి అర్థమైంది.

“అమ్మా, మేడ మీద గదిల కామిక్స్ ఉన్నయి గదా. అవి ఎవరికీ ఇయ్యకు.”

“ఇన్నేండ్ల నుంచి ఎవరికిచ్చిన్రా నేను?” అంది ఆమె ఇడ్లీలు గిన్నెలోకి తీస్తూ.

“అది కాదు. నిన్న ప్రశాంత్ వచ్చిండు గదా, నా ఆఫీసు దోస్తు. మేడ మీదికి పోయినప్పుడు గది తలుపు తెరిచి ఉండెనట, జూసిండు. రాత్రి ఫోన్ జేసిండు. అసొంటి పాత బొమ్మల పుస్తకాలకు ఇప్పుడు మస్తు గిరాకీ ఉందంట. అంత నీట్‌గా ఉన్నవి ఎవరి దగ్గరా జూడలేదన్నడు.”

హాల్లో పేపరు చదువుతున్న బసవరాజు గట్టిగా నవ్వాడు. రైల్వేలో గుమాస్తాగా రిటైరైన మనిషి ఆయన. మేడ మీది గదికి ‘చిత్తుకాగితాల గోడౌన్’ అని పేరు పెట్టింది ఆయనే. చుట్టాలు వచ్చినప్పుడల్లా భార్య పిచ్చి గురించి చెప్పి నవ్వించేవాడు. ధీరజ్ ఫోను తీసుకెళ్లి, అలాంటి పుస్తకం ఒకటి ఈ మధ్య ఎంతకు పోయిందో చూపించాడు. బసవరాజు కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు. ఆ తర్వాత నవ్వలేదు.

“నిజమేనారా ఇది?”

“నిజమే డాడీ. మన దగ్గర రెండు బీరువాల నిండ ఉన్నయి.”

నాచారంలో వాళ్లు ఆ ఇల్లు కట్టుకున్న కొత్తలో, ధీరజ్ ఇంకా పలక పట్టుకుని బడికి వెళ్లే రోజుల్లో, తారామణి ముందు గదిలో అద్దె పుస్తకాల దుకాణం నడిపింది. ఆడవాళ్లు నవలలు పట్టుకుపోయేవారు, పిల్లలు బొమ్మల కథల కోసం కొట్టుకునేవారు. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చాక దుకాణం పడిపోయింది. మూసేస్తున్న రోజుల్లో రామంతాపూర్ నుంచి ఒక లెక్చరర్ వచ్చాడు. చిన్నప్పుడు చదివిన సముద్రపు దొంగల బొమ్మల కథ ఒకటి వెతుక్కుంటూ ఊరంతా తిరిగాడట. అది ఆమె అరలో దొరికింది. ఆయన బేరం కూడా ఆడకుండా ఇచ్చిపోయిన డబ్బు చూసి తారామణి చాలాసేపు ఆలోచనలో పడింది.

నవలలు ఎలాగోలా మిగులుతాయి. బొమ్మల పుస్తకాలను మాత్రం పిల్లలు చింపేస్తారు, రంగులు పూస్తారు, తల్లులు పాత పేపర్లలో కలిపి అమ్మేస్తారు. అందుకే కొన్నేళ్లు పోయాక అవి ఎక్కడా దొరకవు. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ధీరజ్ కాలేజీలో చేరిన ఏడాది నుంచి ఉప్పల్, నాగోల్, కాప్రాలలోని పాత పేపర్ల కొట్లన్నీ తిరిగింది. అట్ట చిరిగింది ముట్టుకోలేదు, గీతలు ఉన్నది కొనలేదు. ప్రతి పుస్తకాన్ని గట్టి అట్టతో కలిపి ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో నిలువుగా పేర్చింది. వానాకాలం తలుపు తెరిచేది కాదు, ఎండాకాలం మధ్యాహ్నాలు తెరిచి గాలి తగలనిచ్చేది.

ఆ ఆదివారం భోజనాల వేళకు అవి ‘మన కామిక్స్’ అయిపోయాయి.

“ఉప్పల్ మెట్రో దగ్గర చూసిన ఫ్లాట్ ఇగ ఖాయం జేసుకోవచ్చు డాడీ. మన కామిక్స్ అమ్మితే ముందు కట్టాల్సింది అయిపోతది,” అన్నాడు ధీరజ్.

“కొంచెం మిగిలితే కాప్రా ప్లాటుకు ప్రహరీ కట్టిద్దాం,” అన్నాడు బసవరాజు.

కోడలు చంద్రిక అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి అత్తగారి వైపు చూసింది. చంద్రికది కాకినాడ. నాచారంలోనే ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తోంది. తారామణి తల ఎత్తలేదు. చారు గిన్నె కొడుకు ముందుకు జరిపి, లేచి వెళ్లిపోయింది. ఆమె ఒప్పుకుందనే అనుకున్నారు తండ్రీ కొడుకులు.

తర్వాతి శనివారం ఇంటి ముందు వ్యాను ఆగింది. జగన్మోహన్ అనే వ్యాపారి ఖాళీ అట్టపెట్టెలు దింపించాడు. ధీరజ్ ఎదురెళ్లి లోపలికి తీసుకొచ్చాడు. మేడ మెట్లు ఎక్కేసరికి గది తలుపు ముందు కుర్చీ వేసుకుని తారామణి కూర్చుని ఉంది. తలుపుకు తాళం.

“అమ్మా, తాళంచెవి ఇయ్యి. సారు చూస్తరు.”

“ఎవరిని అడిగి పిలిసినవు?”

“డాడీకి చెప్పిన గదా.”

“అవి డాడీవి కావు.”

ధీరజ్ వ్యాపారి వైపు చూసి ఇబ్బందిగా నవ్వాడు. “అమ్మా, బయటి మనిషి ముంగట గిట్ల చెయ్యకు. లోపల మాట్లాడుకుందాం.”

“లోపల మాట్లాడేదుంటే వారం కిందనే మాట్లాడాలె. ఇప్పుడు ఇక్కడనే మాట్లాడు.”

ఆమె గొంతు పెంచలేదు. కుర్చీలోంచి లేవలేదు. వెనక నుంచి ఆయాసపడుతూ వచ్చిన బసవరాజు కల్పించుకున్నాడు. “తారా, ఏందిది? కొడుకు ఇల్లు కొనుక్కుంటుంటే అడ్డం పడతవా? మూలకు పడి ఉన్నయి ఎవరికైనా పనికొస్తే మంచిదే గదా.”

“మూలకు పడి లేవు. నేను పెట్టిన.” ఆమె భర్త వైపు తిరిగింది. “మా అమ్మ పెట్టిన గాజులు కాప్రాల ప్లాటుకు పోయినయి. ప్లాటు ఎవరి పేరు మీద ఉంది?”

“ఇంటి కోసమే గదా తీసుకున్నం.”

“ఇంటి కోసమే. నేను కాదనలే. దుకాణంల మిగిలింది పోస్టాఫీసుల వేసుకుంటే అది వీని కాలేజీకి పోయింది. అది గూడ ఇష్టంగనే ఇచ్చిన. కానీ మీరు ఒక్కనాడు గూడ ‘ఇస్తవా’ అని అడగలే. ‘తీసుకురా’ అన్నరు. నేను తెచ్చిన.”

వ్యాపారి మెల్లగా రెండు మెట్లు కిందికి దిగి నిలబడ్డాడు.

“అప్పుడు అనుకున్న,” అంది తారామణి. “ఈసారి కూడబెడితే మీ కంటికి ఆస్తి లెక్క కనబడనిది కూడబెట్టాలె అని. బంగారమైతే తాకట్టుకు పోతది. బ్యాంకుల వేస్తే కాగితం ముంగట పెట్టి సంతకం జెయ్యమంటరు. పిల్లల బొమ్మల పుస్తకాలైతే నవ్వి ఊకుంటరు. మీరు నవ్వినన్ని రోజులు నాకు ఏ ఫికరు లేకుండె. ఇయ్యాల నవ్వుతలేరు. అందుకే తాళం వేసుకున్న.”

ధీరజ్ ముఖం ఎర్రబడింది. “అంటే నేను దొంగనా అమ్మా? నీ బిడ్డను కానా?”

“బిడ్డవే. నీ మీద కోపం లేదు. కానీ ఇవి ఇయ్య.”

ధీరజ్ వెనక నిలబడి ఉన్న చంద్రిక ముందుకొచ్చి అత్తగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

“వాటితో మీరేం చేద్దామనుకున్నారు అత్తయ్యా?”

తారామణి కోడలి వైపు తిరిగింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

“మా అమ్మకు ముసలితనంల కంటి ఆపరేషన్ అయింది,” అంది. “కంట్లో వేసుకునే చుక్కల మందు అయిపోతే కొడుకుల మొఖం జూసుకుంట అరుగు మీద కూసుండేది. మా అన్నలు చెడ్డోళ్లు కారు. చెప్తే తెచ్చేటోళ్లే. కానీ చెప్పనీకె ఆమెకు నోరు రాకపోయేది. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంట సగం రోజులు మందు లేకనే గడిపింది. నేను చూసిన. నాకు చేతగాని రోజు వచ్చినప్పుడు వీట్లకెల్లి ఒక్కొక్కటి తీసి అమ్ముకుంట. అప్పటికి వీటి ధర ఇంకా పెరుగుతది. ఇప్పుడు నా కాళ్లు చేతులు మంచిగనే ఉన్నయి. ఇప్పుడెందుకు అమ్మాలె?”

“నేను నీతోని అడిగించుకుంటనా అమ్మా?” ధీరజ్ గొంతు తగ్గింది.

“నువ్వు అడిగించుకోవురా. నాకే అడగబుద్ధి గాదు.”

చంద్రిక భర్త వైపు చూసింది. “ధీరజ్, ఆ ఫ్లాటు ఎవరి పేరు మీద తీసుకుంటున్నాం?”

“లోన్ నా పేరు మీద వస్తది గదా... అందుకని...”

“నా జీతం కూడా అందులోకే వెళ్తుంది కదా.”

“ఇప్పుడు అదెందుకు చంద్రికా?”

“ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందంటే, నేనూ ఇంతవరకూ అడగలేదు కాబట్టి.”

ధీరజ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. గబగబా మెట్లు దిగి బండి తీసుకుని వెళ్లిపోయాడు. బసవరాజు పిట్టగోడ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

తారామణి లేచింది. మెట్ల మీద ఇబ్బంది పడుతున్న జగన్మోహన్‌ను పిలిచింది. “మీ తప్పేం లేదు సార్. ఎండల వచ్చిన్రు. చాయ్ తాగి పోండ్రి.” తాళం తీసి ఒకే ఒక్క పుస్తకం తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని కవరు లోంచి తీయకుండానే అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఎప్పుడైనా అమ్మాలనుకుంటే నాకే చెప్పండమ్మా,” అన్నాడు.

“నా నంబరు రాసుకోండ్రి. మా అబ్బాయిది గాదు.”

వ్యాను ఖాళీ పెట్టెలతో తిరిగి వెళ్లింది.

ఆ తర్వాతి రోజులు ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ధీరజ్ ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి, తిని, పడుకునేవాడు. తారామణి మామూలుగానే వండింది, మామూలుగానే వడ్డించింది. కొడుకు ముఖం ముడుచుకుని తింటుంటే అడక్కుండానే ఇంకొంచెం కూర వేసేది. ఒకసారి, పోనీలే, సగం ఇచ్చేద్దామా అనిపించింది కూడా. మేడ మీదికి వెళ్లి బీరువా ముందు నిలబడింది. చెయ్యి వెయ్యకుండానే తిరిగి వచ్చింది. ఈ ఒక్కసారి మెత్తబడితే ఇక తనకంటూ ఏమీ మిగలదని ఆమెకు తెలుసు.

గురువారం సాయంత్రం ధీరజ్ తొందరగా వచ్చాడు. తల్లి కొత్తిమీర వలుస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని తనూ ఓ కట్ట తీసుకున్నాడు.

“ఉప్పల్ ఫ్లాటు వద్దనుకున్నం అమ్మా. బోడుప్పల్ దిక్కు చిన్నది చూసినం. మాకు వచ్చే లోన్‌తోనే అయితది. ఇద్దరి పేరు మీద.”

“చంద్రికకు నచ్చిందా?”

“ఆమెనే చూసింది.” కాసేపు ఆకులు తుంచాడు. “నా కాలేజీ ఫీజు నీ పోస్టాఫీసు పైసలని నాకు ఎవరూ చెప్పలేదమ్మా. డాడీనే కట్టిండనుకున్న.”

“చెప్పేదేముందిరా.”

“ఉంది. చెప్పాలె. ఆ రోజు మనిషిని తోలుకొచ్చే ముంగట నిన్ను అడగాలన్న ఆలోచనే రాలే నాకు. అదే మాటిమాటికి గుర్తొస్తుంది. కోపం నీ మీద కాదమ్మా.”

తారామణి చేతిలో కొత్తిమీర పక్కన పెట్టి కొడుకు తల నిమిరింది.

రోజూ సాయంత్రం కూరగాయలకు ఎంత అయింది, మిగిలిన చిల్లర ఏది అని భార్యను అడగడం బసవరాజుకు ఉద్యోగమున్న రోజుల నుంచీ అలవాటు. ఆ వారం అడగలేదు. ఆమె చిల్లర తెచ్చి బల్ల మీద పెడితే, “నీ దగ్గరనే ఉంచుకో” అని ముఖం తిప్పుకున్నాడు.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం తారామణి బీరువాలు తెరిచి పుస్తకాలకు గాలి తగలనిస్తుంటే ఆయన మేడ మీదికి వచ్చాడు. ఆ గది గడప దాటి లోపలికి రావడం అదే మొదలు. పొందికగా నిలబెట్టి ఉన్న వరుసలను, వాటి మధ్య పెట్టిన ఎండు వేపాకును చాలాసేపు చూశాడు.

“ఒకటి చదవొచ్చునా?” అని అడిగాడు.

తారామణి ఆయన ముఖంలోకి చూసింది. వెక్కిరింత లేదు. ఒక పుస్తకం కవరు విప్పి ఇచ్చింది. “రెండు చేతులతోని పట్టుకోండ్రి. మరీ వెడల్పుగ తెరవకుండ్రి.”

ఆయన చాప మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. రెండు పేజీలు తిప్పాడు. మూడో పేజీ దగ్గర ఆగిపోయాడు. చూపు బొమ్మ మీద ఉంది గానీ చదవడం లేదు.

“నీకేమన్న గావాలంటే నన్ను అడుగుతవు గదా అనుకునేటోణ్ని తారా,” అన్నాడు. “నేనెన్నడు లేదనలే గదా అని గర్వంగ గూడ ఉండె. ఇన్నేండ్లు అడుగుడే నీకు కష్టమైందని... నాకు తోచలే.”

ఇంకొకప్పుడైతే తారామణి పోనీలెండి అని సర్దిచెప్పేది. ఇప్పుడు ఆ మాట ఆయన పూర్తిగా అననిచ్చింది.

“కాప్రా ప్లాటు నీ పేరు మీద జేస్త. రేపు పోయి కనుక్కుంట, ఏమేం గావాలెనో.”

“చెయ్యండ్రి,” అంది తారామణి. వద్దనలేదు, ఎందుకనలేదు. “నేను గూడ వస్త.”

బసవరాజు తలూపాడు. ఆయన కళ్లు నిండాయి. తల వంచుకుని పుస్తకం వైపే చూస్తూ కూర్చున్నాడు. తారామణికీ కళ్లు చెమ్మగిల్లాయి. అయినా చప్పున ముందుకు వంగి, ఆయన చేతిలోని పుస్తకం మెల్లగా తీసుకుంది.

“ముందు కండ్లు తుడుసుకోండ్రి. పేజీ మీద పడితే మరక పోదు.”

ఆయన భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, మళ్లీ చెయ్యి చాచాడు. ఆమె పుస్తకం ఇచ్చి పక్కనే చాప మీద కూర్చుంది.