రాజుగారికంటే ముందు ఒక చెంచా

‘కోట’లో రుచి చూసే మనిషి సోమవారం మధ్యాహ్నం భోజనం చేసి, వేషం విప్పి, దాన్ని పొందిగ్గా మడతపెట్టి, కుర్చీలో కూర్చుని చచ్చిపోయాడు.

“గుండెపోటు అని రాశారు,” అన్నాడు చీఫ్. “మన ల్యాబ్ వేరే మాట చెబుతోంది.”

రిపోర్టును బల్ల మీద ముందుకు తోశాడు. ఏజెంటు దాన్ని రెండుసార్లు చదివాడు. విషం. రంగు లేదు, వాసన లేదు, కాస్త చేదు. కడుపులోకి వెళ్ళిన గంటకి గుండె ఆగుతుంది. ఆ గంటసేపూ మనిషి హాయిగా నవ్వుతూ, కబుర్లు చెబుతూ తిరుగుతాడు.

డిపార్ట్‌మెంటులో ఈ ఏజెంటుకి ఒక నంబరుంది గానీ దాన్నెవరూ వాడరు. అందరూ ‘పథ్యం’ అనే పిలుస్తారు. మూడేళ్ళ క్రితం ఒక ఆపరేషన్‌లో పదకొండు రోజులు గోడౌన్‌లో నక్కి, దొరికిందల్లా తిని కడుపులో పుండు తెచ్చుకున్నాడు. దానికి తోడు ఎంతకీ మానని నోటిపూత. అప్పట్నుంచీ కారం మానేసి, మెత్తగా ఉడికించిన చప్పిడి తిండి తింటూ దేశాన్ని కాపాడుతున్నాడు. తుపాకీకి ఎదురెళ్ళే మనిషి, కూరలో మిరపకాయ కనిపిస్తే మాత్రం రెండడుగులు వెనక్కి వేస్తాడు.

ఇక ‘కోట’ కోట కాదు, హోటలు. ఐదువందల ఏళ్ళనాటి రాజభోజనం పెడతామని బోర్డు కట్టిన హోటలు. రెండు నెలల ముందు బుక్ చేసుకుంటే గానీ చోటు దొరకదు. కిటికీల్లేని హాలు, పట్టపగలు కూడా నూనె దీపాలు, కొయ్య చెంచాలు, పళ్ళేలకి బదులు రాయిలా ఎండిన మందపాటి రొట్టెలు. ఫోనూ వాచీ పెన్నూ గుమ్మం దగ్గర పెట్టెలో పడేసి లోపలికి వెళ్ళాలి. రోజూ ఒక అతిథిని రాజును చేసి సింహాసనం మీద కూర్చోబెడతారు. ఆయన తినబోయే ప్రతి వంటకాన్నీ ముందు ఒకడు రుచి చూస్తాడు. అప్పుడు ఇసుక గడియారం తిరగేస్తారు. రెండు నిమిషాలు. ఇసుకంతా జారేసరికి రుచి చూసినవాడు నిలబడే ఉంటే రాజుగారు చెంచా ఎత్తుతారు, జనం చప్పట్లు కొడతారు. అదొక వేడుక.

“రేపటి రాజు మన మావయ్య,” అన్నాడు చీఫ్.

పథ్యం తల ఎత్తాడు.

మావయ్య విదేశీ గూఢచారి ముఠాలో రహస్యలిపి రాసే సైఫర్ గుమాస్తా. మూడేళ్ళ క్రితం తనంతట తానే డిపార్ట్‌మెంటుకి ఉత్తరం రాశాడు. అప్పట్నుంచీ సమాచారమంతా మేనమామ మేనల్లుడికి రాసే ఉత్తరాల్లోనే నడిచింది. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయంటే ముఠా మనుషులు కదులుతున్నారని. అత్తయ్య పుట్టింటికి వెళ్ళిందంటే ప్రమాదం, ఉన్నచోటే ఆగిపొమ్మని. మేనల్లుడిగా జవాబులు రాసే పని పథ్యానిది. నమ్మకంగా ఉండాలని తన కడుపు పుండు సంగతి కూడా ఒకసారి రాశాడు. ఇక ప్రతి ఉత్తరం చివరా ఒకటే ప్రశ్న వచ్చేది. ‘కడుపు ఎలా ఉంది? వేళకి తింటున్నావా?’

ఆ మాట అడిగేవాళ్ళు పథ్యానికి లోకంలో ఇంకెవరూ లేరు. చదివిన వెంటనే ఉత్తరాన్ని కాల్చెయ్యాలని రూలు. కాల్చేవాడు. కానీ ఒక్కొక్కటీ కంఠతా వచ్చు.

“ఇరవై మూడు పేర్లు,” అన్నాడు చీఫ్. “మన మధ్య తిరుగుతున్న వాళ్ళ మనుషులు. కాగితం మీద పెట్టడట, తల్లోనే ఉన్నాయట. ఆయన మొహం మనమూ చూడలేదు. సింహాసనం ఎక్కితేనే ఎవరో తెలిసేది. ఫోన్లూ కెమెరాలూ ఉండవని ఆ చోటు ఆయనే ఎంచుకున్నాడు. భోజనమయ్యాక రాజుని వెనక దారిన సాగనంపుతారు. అక్కడ మన వ్యాన్ ఉంటుంది.”

“ముఠాకి వాసన తగిలిందన్నమాట. సోమవారం డోసు సరిచూసుకున్నారు. భోజనం ఆపేద్దాం సార్.”

“కబురు ఎలా పంపుతావ్? పోయిన వారమే ఇల్లు మారాడు. రేపు ఆగిపోతే మనిషి మళ్ళీ దొరకడు. ముఠాకి దొరుకుతాడు.”

“లోపల మనవాళ్ళు?”

“రాణి ఉంది. గుమ్మంలో ఇద్దర్ని భటుల వేషంలో పెట్టాను. రుచి చూసేది నువ్వు.”

“విషానికి గంట కావాలి, ఇసుకకి రెండు నిమిషాలు చాలు. నేను తిని ఏం లాభం సార్?”

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “మనవాళ్ళలో ఎవర్ని పంపినా ఆబగా మింగేస్తారు. నువ్వొక్కడివే ప్రతి మెతుకునీ అనుమానించి తింటావు.”

---

ల్యాబ్ ఇన్‌చార్జి ఇచ్చిన ఎర్రరాయి ఉంగరం పథ్యం వేలికి ఉంది. విషం తగిలితే రాయి నల్లబడుతుంది. అది వేలిమీద ఉన్నది సరిగ్గా పదకొండింటి వరకే.

‘కోట’ వేషాల గదిలో రాణి అతని చెయ్యి పట్టుకుని చూసింది. రోజూ రాణి వేషంలో, పట్టుబట్టల్లో అతిథుల్ని ఆహ్వానించే హోస్టెస్, అందుకే ఆ పేరు. రెండేళ్ళుగా డిపార్ట్‌మెంటు మనిషి. ఆమె నవ్వితే ఏం అడగబోయామో మర్చిపోతాం.

“ఇలా సాన పట్టిన రాయి ఆ కాలంలో లేదు, పథ్యంగారూ. తీసెయ్యండి. పెద్దాయన చూస్తే ఇద్దర్నీ బయటికి గెంటుతాడు.”

పెద్దాయన అంటే వంటవాళ్ళకి పెద్ద. చెప్పినట్టే వచ్చాడు. పథ్యం చేతులు తిప్పి చూశాడు, చొక్కా జేబులు తడిమాడు, చివరికి వేళ్ళు వాసన చూశాడు.

“మిరపకాయ ముట్టుకున్నావా పొద్దున?”

“ముట్టుకుంటే బతకనండీ.”

“మంచివాడివి. మిరపకాయ మొన్నమొన్న ఓడల్లో దిగిన సరుకు. నా రాజులు దాని మొహం ఎరగరు. నా వంటింట్లో గింజ కనిపించినా ఊరుకోను, చెబుతున్నా.”

ఆయన అటు వెళ్ళగానే రాణి కిసుక్కున నవ్వింది. తన అన్నం డబ్బా తెరిచి, నడుముకి వేలాడే బొటనవేలంత వెండి సీసా మూత తిప్పింది. ఎర్రటి కారం అన్నం మీద చల్లుకుంది.

“రెండేళ్ళుగా ఈ చప్పిడి తిండి. ఇది లేకపోతే నాకు ముద్ద దిగదు. పెద్దాయనకి చెప్పకండేం!”

ఆ ఘాటుకి పథ్యం ముక్కు మూసుకుని ఇవతలికి వచ్చేశాడు. ఉంగరం పెట్టెలో పడింది. కోటు గుండీలో దాచిన మైకు కూడా కోటుతో పాటే పోయింది. ఐదువందల ఏళ్ళనాటి గరుకు అంగీలో, ఖాళీ చేతులతో, ఖాళీ కడుపుతో మిగిలాడు.

---

పన్నెండున్నరకి డప్పు మోగింది. రాజుగారు వచ్చారు.

సన్నటి మనిషి, బట్టతల. రాజవస్త్రం కిందినుంచి చొక్కా కాలరు తొంగిచూస్తోంది, కుట్లు వేసిన కాలరు. కిరీటం వదులై చెవుల మీద ఆగింది. సింహాసనం ఎక్కుతూ, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ రుచి చూసేవాడి వైపు తిరిగి, మేనల్లుడేనా అని పరీక్షిస్తున్నట్టు, పెదాలు కదిలీ కదలకుండా అడిగాడు.

“కడుపు ఎలా ఉంది?”

పథ్యం తల వంచి నమస్కరించాడు. “వేళకి తింటున్నాను, మావయ్యా.”

అంతే. మూడేళ్ళ ఉత్తరాల తర్వాత వాళ్ళు మాట్లాడుకున్నది ఆ రెండు ముక్కలే.

హాల్లో అరవైమంది దాకా ఉన్నారు. దీపాల వెలుగు ఎవరి మొహం మీదా నిలవడం లేదు. వాళ్ళలో సోమవారం మనిషిని చంపినవాళ్ళున్నారు. వేణువు వాయించేవాడా? నీళ్ళు పోసే ముసలామెనా? మూలబల్ల దగ్గర ఏమీ తినకుండా కూర్చున్న లావుపాటి మనిషా? పథ్యం ఒక్కొక్కర్నీ చూశాడు. ప్రతి ఒక్కరూ అనుమానంగానే కనిపించారు. రాణి ఒక్కతే ధైర్యంగా సింహాసనం వెనక నిలబడింది, వేషంలో భాగమైన బాకు నడుముకి పెట్టుకుని.

మొదట మిరియాలతో ఉడికించిన మాంసం వచ్చింది. పథ్యం నాలుక చివర తాకించి, గుటక వేసినట్టు నటించాడు. మిరియాల మంట అతనికి తెలుసు. గొంతులో మొదలై వెంటనే ఆరిపోతుంది. ఇసుక జారింది. మావయ్య తిన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత ఎండుద్రాక్షతో వండిన చేప. అదీ అయింది. ఇక ఒక్క వంటకం మిగిలింది. అది తింటే వెనక తలుపు, దాని వెనక వ్యాన్.

రాజవంటకాన్ని వంటింటి గుమ్మం నుంచి సింహాసనం దాకా రాణి స్వయంగా మోసుకొస్తుంది. అది ఆనవాయితీ. యవలూ పాలూ తేనే కలిపి కాచిన జావ. పసిపిల్లలకి పెట్టేంత మెత్తగా ఉంది. రోజంతా ఏమీ తినని పథ్యానికి అది చూసి ప్రాణం లేచొచ్చింది. అయినా అలవాటు అలవాటే. చెంచా చివరనున్న జావను నాలుకకి తాకించి ఆగాడు.

తీపి. ఆ వెనక రవ్వంత చేదు. ఆ వెనక, నోటిపూత మీద సూదిమొనంత మంట.

మిరియం కాదు. మూడేళ్ళుగా తప్పించుకు తిరుగుతున్న శత్రువుని చీకట్లో అయినా పోల్చుకోగలడు. మిరపకాయ.

పెద్దాయన వంటింట్లో కారమా? పాలజావలోనా? పథ్యం మూతి తుడుచుకుంటున్నట్టు అంగీ చేతిలో ఉమ్మేశాడు. రాణి ఇసుక గడియారం తిరగేసింది.

ఇసుక జారుతోంది. అతని కళ్ళు రాణి నడుముకి వేలాడే వెండి సీసా మీద పడ్డాయి. పొద్దున మూతి చుట్టూ ఎర్రటి కారం అంటుకుని ఉన్న సీసా ఇప్పుడు తళతళా కడిగి ఉంది. పెద్దాయన తడిమి చూడనిది ఆ ఒక్కటే. విషాన్ని జావ దాకా తేవడానికి అంతకంటే భద్రమైన చోటు లేదు. బాగానే కడిగింది పాపం. నోటిపూత లేనివాడెవడికీ ఆ మిగిలిన ఘాటు తగిలి ఉండేది కాదు. ఉంగరం ఎందుకు తీయించిందో కూడా ఇప్పుడు తెలిసింది. రెండేళ్ళు డిపార్ట్‌మెంటు పుట్టినరోజుల్లో కేకులు తిని, తమ జోకులకి నవ్విన మనిషి!

అరవబోయి ఆగాడు. రాణి సింహాసనం వెనకే ఉంది. చెయ్యి బాకు పిడి మీద ఉంది. అరిస్తే మావయ్య మెడకీ దానికీ జానెడు దూరం.

పావు వంతు ఇసుక మిగిలింది. మావయ్య చెంచా అందుకున్నాడు. మేనల్లుడు రుచి చూశాడు కదా అని మొహంలో ఎంత నిశ్చింతో! చివరి రేణువులు జారాయి. డప్పు మోగింది. చెంచా పెదవుల దాకా వెళ్ళింది.

“ప్రభూ!” అన్నాడు పథ్యం గొంతెత్తి. “అత్తయ్య పుట్టింటికి వెళ్ళింది!”

హాలంతా గొల్లున నవ్వింది. మావయ్య చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది. చెంచాలోంచి జావ చుక్క రొట్టె మీద పడింది.

రాణి నవ్వలేదు. ఆ మాట డిపార్ట్‌మెంటు ఆమెకి చూపించిన ఫైల్లో లేదు.

“అందుచేత,” పథ్యం జనం వైపు తిరిగాడు, “ఇవాళ్టి చివరి వంటకాన్ని రాణిగారు కూడా ఇలా ముందుకొచ్చి ఒక్క చెంచా రుచి చూడాలి. ఏమంటారు?”

“తినాలి! తినాలి!” అరవైమంది బల్లలు చరిచారు.

కత్తివేటుకి నెత్తుటిచుక్క లేదు ఆమె మొహంలో. పథ్యం చాపిన చెంచా వైపు ఒక్క క్షణం చూసింది. మరుక్షణం బాకు దూసి మావయ్య మీదికి వంగింది.

పథ్యం చేతికి అందింది రొట్టె పళ్ళెం ఒక్కటే. రెండు చేతులా ఎత్తి అడ్డం పెట్టాడు. మూడు రోజులు ఎండబెట్టిన ఆ రొట్టెలోకి బాకు పిడిదాకా దిగి ఇరుక్కుపోయింది. మొన అవతలికి పొడుచుకొచ్చి మావయ్య కాలరుకి బెత్తెడు దూరంలో ఆగింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంత మంచి నాటకం ‘కోట’లో ఎప్పుడూ ఆడలేదట.

రాణి వంటింటి వైపు పరిగెత్తింది. గుమ్మంలో పెద్దాయన అడ్డంగా నిలబడి ఉన్నాడు.

“ఆమె మీ జావలో కారం కలిపింది!” అని అరిచాడు పథ్యం. విషం అని అరవాల్సింది గానీ, ఏ మాటకి పెద్దాయన కదులుతాడో అతనికి తెలుసు.

భటులు పరిగెత్తుకొచ్చి ఆమెను పెద్దాయన చేతుల్లోంచి విడిపించాల్సి వచ్చింది.

---

డిపార్ట్‌మెంటు గదిలో డాక్టరు పథ్యం నాడి పట్టుకుని కూర్చున్నాడు. ఎంత ఉమ్మేసినా నాలుక మీదినుంచి ఎంత లోపలికి దిగిందో ఎవరూ చెప్పలేరు. తెలియడానికి గంట పడుతుంది.

“పేర్లు చెప్పండి,” అన్నాడు చీఫ్, కలం పట్టుకుని.

“చెబుతాను. ముందు ఈ గంట గడవనివ్వండి,” అన్నాడు మావయ్య.

కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుని పథ్యం పక్కనే కూర్చున్నాడు. మధ్యమధ్య నుదురు ముట్టుకుని చూశాడు. గోడ గడియారం నడుస్తున్నట్టే అనిపించలేదు. పథ్యానికి గుండె కొట్టుకోవడం తనకే వినిపిస్తోంది, ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకుంటూ పడుకున్నాడు. చావంటే భయం ఉందని అతనికి ఆ గదిలోనే తెలిసింది. ఇప్పుడు అడిగేవాళ్ళు ఒకరున్నారు మరి.

గంట దాటి పది నిమిషాలైంది. డాక్టరు చెయ్యి వదిలేశాడు. “బతికావు. కానీ నోరంతా పొక్కింది. కారం తగలనివ్వద్దని ఎన్నిసార్లు చెప్పాను?”

మావయ్య కళ్ళు తుడుచుకుని ఇరవై మూడు పేర్లూ గడగడా అప్పజెప్పాడు. మొదటిది రాణి అసలు పేరు; ఆ పేరుగల మనిషి ‘కోట’లో రాణి వేషంలో తిరుగుతోందని ఆయనకీ తెలీదు.

“ఒక్క సంగతి, మావయ్యా,” అన్నాడు పథ్యం లేచి కూర్చుంటూ. “ఆ అత్తయ్య మాత్రం మీ కల్పనే కదా?”

“కల్పనేంటి? మోకాళ్ళ నొప్పులతో సహా నిజం. నేను సింహాసనం ఎక్కే వేళకి తనే వెనక దారిన వెళ్ళి మీ వ్యాన్ ఎక్కి కూర్చుంది.” మావయ్య గొంతు తగ్గించి తలుపు వైపు చూశాడు. “పక్క గదిలో ఉంది. మొగుడితో పోట్లాడి పుట్టింటికి వెళ్ళిపోయిందని అరవైమంది ముందు చాటించావని ఆ భటులెవరో చెప్పారట. నీతో మాట్లాడాలంటోంది.”

ఏజెంటు పథ్యం మళ్ళీ పడుకుని, చెయ్యి డాక్టరుకి ఇచ్చాడు. “ఇంకో గంట చూడండి, డాక్టర్‌గారూ.”