ఖమీస్ కొట్టులో ముప్పై కిలోల దారం

"తెగింది!"

రయ్యిస్ అతియా అరుపుకు పడవంతా అదిరింది. షాజ్లీ చేతుల్లో తాడు ఒక్కసారిగా తేలికైపోయింది. రెండు బారల దూరంలో వెండిపళ్ళెంలా మెరిసిన ఇనీష్ చేప తోక ఊపి లోతుకు జారిపోయింది. పదిహేను కిలోలకు తక్కువ ఉండదు.

"నాలుగు రోజుల్లో మూడోది," అన్నాడు అతియా చుక్కాని వదలకుండా. ఆ పడవకు ఆయనే నాయకుడు, షాజ్లీకి స్వయానా మేనమామ. "మీ నాన్న ముప్పై ఏళ్ళు ఇదే పడవలో గాలాలు కట్టాడు. ఆయన మోకాళ్ళు పాడై ఇంట్లో కూర్చుంటే, ఆ చోటు నీకిచ్చాను. ఇంకొక్కటి తెగిందంటే ఒడ్డున కూర్చుని వలలు కుట్టుకో."

షాజ్లీ తాడు లాగి చూశాడు. పెద్దతాడు బాగానే ఉంది. గాలం దగ్గర కట్టే కొసదారం, గాజులా సన్నగా మెరిసే కొత్తరకం దారం, సరిగ్గా ముడి దగ్గర తెగి మెలితిరిగి ఉంది.

"నా ముడి మంచిదే మామా. దారమే చెడ్డది."

ఆ ఒక్కమాట మామతో అని ఊరుకుంటే ఈ కథే లేదు. రంజాన్ మొదలై వారమైంది. గొంతు ఎండిపోయి ఉంది, కడుపు కాలుతోంది. ఒడ్డుకు రాగానే అన్‌ఫూషీ చేపల మార్కెట్లో ఎవరో నవ్వారు. "ఏం షాజ్లీ, ఇవాళా ఖాళీ బుట్టేనా?"

షాజ్లీకి ఒళ్ళు మండింది. "హాజీ ఖమీస్ కొట్లో నకిలీ దారం అమ్ముతుంటే బుట్టలెలా నిండుతాయ్?"

వేలంపాట ఒక్క క్షణం ఆగిపోయింది. "మాకూ రెండు తెగాయి," అన్నారు ఇంకో పడవవాళ్ళు. అంతే. నలభై ఏళ్ళుగా ఒక్కమాట పడని కొట్టు మీద, మధ్యాహ్నానికల్లా ఊరంతా మాటలే.

* * *

షాజ్లీ తన దారపు కండె వాపసు ఇవ్వడానికి వెళ్ళేసరికి హాజీ ఖమీస్ నమాజుకు వెళ్ళి ఉన్నాడు. బల్ల వెనుక ఆయన కూతురు నగ్లా ఉంది.

"దారం వాపసా? అక్కడ పెట్టండి. మీకు ముందు ఏడుగురు పెట్టిపోయారు," అంది తల ఎత్తకుండా.

"నేను షాజ్లీని."

ఇప్పుడు ఎత్తింది. బూడిదరంగు కళ్ళు. వాటిలో కోపం ఉందని అతనికి తెలుస్తూనే ఉంది, అయినా కొంచెంసేపు చూడాలనిపించింది.

"ఓహో, ఆ గొంతు మీదేనా! మార్కెట్లో అరిస్తే ఇక్కడికి వినపడింది. మీకు మైకు ఖర్చు లేదు."

"మూడు ఇనీష్‌లు పోయాయి నాకు."

"మాకు ఏడుగురు పోయారు. ఈ దారం తెప్పిద్దామని నాన్నను బతిమాలింది నేను. పండగ తర్వాత పడవలన్నీ సరుకు కొనుక్కునే రోజులు. అప్పటికి ఈ మచ్చ పోకపోతే షట్టర్ దించేస్తానంటున్నాడు. రండి లోపలికి, మీ కండె ఇలా ఇవ్వండి."

గోడకు ఇనుప కడియం ఉంది. దానికి స్ప్రింగ్ కాటా తగిలించింది. అతని కండెలోంచే బారెడు దారం తెంపి, గాలానికి అయిదు చుట్ల మెలిముడి వేసింది. బల్ల మీద ఉన్న నీళ్ళ గిన్నెలో వేళ్ళతో పాటు ముడిని ముంచి బిగించింది. ఆ వేళ్ళు ఎంత చురుగ్గా కదిలాయంటే, షాజ్లీ దారం సంగతి మరిచి వేళ్ళనే చూశాడు.

"నా చేతుల మీద కాదు, ముల్లు మీద పెట్టండి చూపు."

గాలాన్ని కాటా కొక్కేనికి తగిలించి, దారం రెండో కొసను గిరకకు చుట్టి తిప్పింది. కాటా ముల్లు ఇరవై దాటింది, ఇరవై అయిదు దాటింది. ఇరవై ఎనిమిది దగ్గర టప్పున తెగింది.

"ముప్పై కిలోల దారం, ముడి వేశాక ఇరవై ఎనిమిది మోసింది. నకిలీయా?"

"ఇప్పుడు నేను."

అదే కండె, అదే మెలిముడి, అవే అయిదు చుట్లు. షాజ్లీ గట్టిగా బిగించి తగిలించాడు. పదహారు దగ్గర తెగింది.

నగ్లా సుద్దముక్క తీసి గోడ మీద రెండు నిలువు వరసలు గీసింది. పక్కన వారం పేరు వేసి, తన వైపు ఇరవై ఎనిమిది, అతని వైపు పదహారు రాసింది.

"కాటా మీది. మీ మాటే వింటుంది," అన్నాడు షాజ్లీ.

"అయితే రేపు మీది తెచ్చుకోండి."

* * *

తెచ్చాడు. మార్కెట్లోని కాటా అడిగి, భుజాన వేసుకుని మరీ వచ్చాడు. ఆమెకు ఇరవై ఏడు, అతనికి పదిహేడు.

"ఇది కూడా నా చుట్టమేనా?" అడిగింది నగ్లా.

మూడోరోజు ముడి మార్చారు. ఎనిమిది ఆకారపు ముడి వేశారు, దారాన్ని రెండు మడతలు చేసి వేసే ముడి వేశారు. ఏ ముడి వేసినా ఆమెది పాతిక దాటేది, అతనిది పద్దెనిమిది దాటలేదు. పోనీ ఉప్పు పట్టిందేమోనని దారం కడిగి ఆరబెట్టాడు. గాలం మార్చాడు. ఎవరో కండె మార్చేశారని ఒక పూట పక్కకొట్టు మీద అనుమానపడి, నగ్లా చేత తిట్లు తిన్నాడు.

"మళ్ళీ మొదలా? ఒక కొట్టును ముంచారు, చాలదా?"

"ఊరికే అన్నాను."

"మార్కెట్లో కూడా ఊరికే అన్నారు."

షాజ్లీ తల దించుకున్నాడు. ఆ మాట అన్నందుకు సిగ్గుపడటం అదే మొదటిసారి.

"చేతులు చూపించండి," అంది ఆమె గొంతు తగ్గించి.

చాపాడు. ముట్టుకోకుండా వంగి, గోళ్ళ దగ్గర్నుంచి మణికట్టు దాకా పరీక్షగా చూసింది.

"వేళ్ళు బాగానే ఉన్నాయి."

"థాంక్స్."

"పొగడ్త కాదు, తనిఖీ."

బుధవారం అతను ముడి బిగిస్తుండగా నగ్లా ఏదో ఆటపట్టించబోయి, మధ్యలోనే ఆగిపోయింది. అతని ముఖంలోకి సూటిగా చూసింది. ఇంకా సూటిగా చెప్పాలంటే, పెదాల వైపు చూసింది. వెంటనే చూపు తిప్పుకుని, "ఇవాళ్టికి చాలు, వెళ్ళండి" అంది.

షాజ్లీకి ఆ రోజు ఇఫ్తార్‌లో తిన్నది ఖర్జూరమో ఈతగింజో తెలియలేదు.

* * *

శుక్రవారం హుసూం, చలికాలం చివర ఏటా వచ్చే గాలివాన, విరుచుకుపడింది. పొద్దుటి నుంచి గాలి, అయిదింటికి వాన. పడవలన్నీ రేవులోనే ఉన్నాయి. "ఇవాళ ఆలస్యంగా రండి, అయిదున్నరకు" అని నగ్లా ముందురోజే చెప్పింది. చెప్పకపోయినా వచ్చేవాడే. తలుపు తోసేసరికి చొక్కా పిండితే బక్కెట్ నిండేలా ఉన్నాడు.

"గొడుగు లేదా?"

"పడవలో పనిచేసేవాడికి గొడుగేంటి?"

"జలుబు చేసినవాడికి పడవేంటి? ఇదిగో తువ్వాలు."

చేతులు పొడిగా తుడుచుకుని రెండు ముడులు వేశాడు. పదిహేను, పదహారు. గోడ మీద అతని వరస చూస్తే చదువురాని కుర్రాడి మార్కుల్లా ఉంది. ఇంతలో ఉపవాసం విడిచే వేళ ఫిరంగి మోగింది, మసీదుల్లో పిలుపు మొదలైంది. వెనుకగదిలోంచి హాజీ ఖమీస్ వచ్చాడు. తెల్లగడ్డం, సన్నటి మనిషి. తన కొట్టును నవ్వులపాలు చేసినవాడిని ఒకసారి ఎగాదిగా చూసి, "ఈ వానలో ఎక్కడికి పోతావ్, కూర్చో" అన్నాడు.

"వద్దు హాజీ, నేను..."

"ఇఫ్తార్ వేళ వచ్చినవాణ్ణి పస్తు పంపిన చెడ్డపేరు కూడా నాకు తగిలిస్తావా?"

షాజ్లీ కూర్చున్నాడు. ఖర్జూరాలు, నేరేడు పండులా పుల్లగా తియ్యగా ఉన్న ఆప్రికాట్ షర్బత్, పప్పుసూపు, వేయించిన చేప. రెండు గ్లాసుల షర్బత్ తాగాక షాజ్లీ ప్రాణం లేచివచ్చింది. మాటా లేచివచ్చింది.

"మీ అమ్మాయి మంత్రం వేస్తోంది హాజీ. చూడండి, ఇదే ముడి, ఇలాగే కదా వేయాలి?"

మాట్లాడుతూనే దారం తీసి ముడి వేశాడు, నవ్వుతూనే బిగించాడు, కాటాకు తగిలించి గిరక తిప్పాడు. ఇరవై. ఇరవై నాలుగు. అతని నవ్వు ఆగిపోయింది. ఇరవై ఎనిమిది దగ్గర తెగింది.

నగ్లా ముల్లు దగ్గరికి వంగి చూసింది.

"మళ్ళీ వెయ్యి," అంది నగ్లా. మీరు కాస్తా నువ్వు అయిందని ఆమెకూ తెలియలేదు.

వేశాడు. ఇరవై ఏడు.

"ఏం మార్చావ్?"

"ఏమీ మార్చలేదు. ఒట్టు."

"ఇంకోటి వెయ్యి. ఈసారి నెమ్మదిగా. నిన్ను నువ్వు చూసుకుంటూ వెయ్యి."

చుట్లు చుట్టాడు. కొస దూర్చాడు. బిగించే ముందు చేయి దానంతటదే పైకి లేచింది. ముడిని పెదాల మధ్య పెట్టి తడిచేసి...

అక్కడే బిగుసుకుపోయాడు. దారం ఇంకా నోట్లోనే ఉంది.

"పగలు అలా చేయవు కదూ," అంది నగ్లా మెల్లగా.

"ఉపవాసంలో ఎలా చేస్తాను? ఉప్పునీళ్ళ దారం, చేపవాసన... నోటి దగ్గరికి కూడా తీసుకెళ్ళను." అతని గొంతు తగ్గిపోయింది. "అసలు మామూలు రోజుల్లో తడిపేవాణ్ణనే సంగతే నాకు తెలియదు. చెయ్యి చేసుకుపోతుంది."

"చేస్తున్నట్టే తెలియకపోతే, మానేసినట్టు ఎలా తెలుస్తుంది? పాత నైలాన్ లావుది, మొరటుది, పొడిగా బిగించినా ఓర్చుకునేది. ఇది ఓర్చుకోదు. పొడిగా లాగితే దారం దారాన్ని ఒరుసుకుని వేడెక్కుతుంది. ముడిలోపలే కాలిపోతుంది. ఆ తర్వాత సగం బరువుకే పుటుక్కుమంటుంది."

"మరి ఆ నీళ్ళ గిన్నె?"

"దేనికనుకున్నావ్?"

"వేళ్ళు కడుక్కోడానికేమో అని..."

హాజీ ఖమీస్ గడ్డంలో నవ్వుకున్నాడు. "మీ నాన్న రంజాన్ అంతా గాలాలు ఎప్పుడు కట్టేవాడో గుర్తుందా? ఇఫ్తార్ అయ్యాక, గుమ్మంలో కూర్చుని, టీ తాగుతూ. ఎందుకని నువ్వు అడగలేదు, ఆయనా చెప్పలేదు."

షాజ్లీ గోడ మీది అంకెల వైపు చూశాడు. పదహారు, పదిహేడు, పదిహేను. అన్నీ తన చేతి తప్పులే.

"హాజీ, ఇప్పుడేం చేయను?"

"ఏమీ వద్దు. ఆ పాత సరుకు వెనక్కి పంపేశాం, కొత్తది వచ్చిందని చెప్పు. దారం తయారుచేసినవాడెవడో ఎక్కడో ఉన్నాడు, వాడి మీదికి పోతుంది. నీ పరువూ నిలుస్తుంది, నా కొట్టూ నిలుస్తుంది."

నగ్లా బల్ల మీద తెగిన ముక్కలు ఏరుతోంది. కానీ ఆమె చెవులు అతని జవాబు కోసమే ఉన్నాయని షాజ్లీకి తెలుసు.

* * *

మర్నాడు పొద్దున వాన వెలిసింది. మార్కెట్లో వేలంపాట జోరుగా ఉంది. షాజ్లీ ఒక చేపలపెట్టె తిరగేసి దాని మీదికెక్కాడు.

"ఖమీస్ కొట్టు దారం గురించి ఒకమాట!"

"మళ్ళీ ఏమైందిరా?" అన్నాడు అతియా కంగారుగా. "దిగు కిందికి."

"ఆ దారంలో తప్పులేదు మామా. తెగింది మా ముడి. పగలంతా ఉపవాసంలో ఉండి పొడిముడులు వేస్తున్నాం."

చేతిలో కాటా ఎత్తిపట్టాడు. అందరి ముందు ఒక పొడిముడి వేసి లాగాడు, పదహారుకు తెగింది. సముద్రపు నీళ్ళలో ముంచి ఇంకోటి వేశాడు, ఇరవై ఏడు. గుంపు గొణిగింది. రెండు తెగాయన్న పడవవాడు తన చేతులకేసి తనే చూసుకుని, "నేనూ పగలే కడుతున్నాను కదరా" అన్నాడు పక్కవాడితో.

"మరి నకిలీ అని పుకారు లేపిందెవడు?" అరిచాడు వేలంపాటగాడు, తెలిసి తెలిసి.

"నేను! తడపాల్సినప్పుడు నోరు వాడలేదు, మూసుకోవాల్సినప్పుడు మూయలేదు. హాజీ ఖమీస్‌కు, ఆయన కూతురికి అందరి ముందూ క్షమాపణ చెబుతున్నాను."

ఒకరిద్దరు నవ్వారు. కాసేపు అందరూ నవ్వారు. షాజ్లీ చెవులు ఎర్రబడ్డాయి కానీ పెట్టె దిగలేదు. నవ్వులు ఆగాక అతియా దగ్గరికి వచ్చి భుజం తట్టాడు. "నీ చోటు నీదే. రేపు పడవ ఎక్కు. గిన్నెడు నీళ్ళు నేనే పెడతాను."

సాయంత్రానికి ఎనిమిది కండెలూ కొట్టులోంచి మళ్ళీ వెళ్ళిపోయాయి. ఇంకో పన్నెండు కావాలని కబురొచ్చింది.

ఇఫ్తార్ అయ్యాక అతియా బస్బూసా మిఠాయి పళ్ళెం పట్టుకుని ఖమీస్ కొట్టుకు వచ్చాడు. వెనకాల ఇస్త్రీ చొక్కాలో షాజ్లీ.

"హాజీ, తిప్పి తిప్పి చెప్పడం నాకు రాదు. మీకు అభ్యంతరం లేకపోతే, పిల్లకూ ఇష్టమైతే, పండగ తర్వాత ఫాతిహా చదువుకుని పెళ్ళి ఖాయం చేసుకుందాం."

హాజీ ఖమీస్ బస్బూసా ముక్క తీసుకుని, తినకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"దానికి ముందు నాకో చిక్కుముడి విప్పాలి," అన్నాడు. గోడ వైపు వేలు చూపించాడు. "అది మా నగ్లా వరస. అన్నీ పాతిక పైనే. బుధవారం దగ్గర చూడండి. ఆఖరి అంకె పదహారు. నా కూతురు వేసిన ముడి ఏనాడూ పదహారుకు తెగదు. అంటే బుధవారం ఇతను వెళ్ళిపోయాక ఎవరో పొడిముడి వేసి చూశారు. విషయం ఆ సాయంత్రమే తేలిపోయింది. అయినా గురువారం గడిచింది, శుక్రవారం గడిచింది. శుక్రవారం వాన అయిదు దగ్గర పడింది. ఇద్దరమే ఉండే ఇంట్లో మూడో పళ్ళెం నాలుగింటికే కడిగి పెట్టారు." ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. "కొట్టు మీద నింద అలా ఉండగానే, రెండురోజులు నిజం దాచిందెవరు?"

"నేనే హాజీ!" అన్నాడు షాజ్లీ, ఏం ఒప్పుకుంటున్నాడో తెలియకుండానే.

"నువ్వు కూర్చో. నీ వంతు పొద్దునే అయిపోయింది."

నగ్లా బల్ల వెనుక నిలబడి ఉంది. ముఖం కందిపోయింది. ఒకసారి తండ్రిని చూసింది, ఒకసారి షాజ్లీని చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు.

"చెబితే నమ్మడు, తన చేత్తో తనే చూసుకోవాలి అనుకున్నాను నాన్నా. అది సగం కారణం."

"మిగతా సగం?"

"తేలిపోతే మర్నాటి నుంచి రావడం మానేస్తాడని."

అతియా గడ్డం కింద నవ్వు దాచుకున్నాడు.

"కారణాలు సరే," అన్నాడు హాజీ ఖమీస్, కళ్ళు నవ్వుతున్నా గొంతు గట్టిగానే ఉంచి. "దోషి పేరు కావాలి. మార్కెట్లో ఇతను చెప్పినట్టు, అందరికీ వినపడేలా."

ఆమె గడ్డం పైకెత్తింది.

"నగ్లా. ఖమీస్ కూతురు నగ్లా."