రంగవ్వ జొన్నల మలుపు

ఏ సడక్ మీదన్న పో తమ్మీ, ఆ మలుపుకు మాత్రం పోకు. ఇడపనూరు దాటి గిల్లేసూగూరు దిక్కు పోతుంటే, రెండు పక్కల జొన్నచేన్ల నడుమ సడక్ మెలి తిరుగుతది చూడు... అదే మలుపు.

మస్తుగుంటది, నేను కాదన్ననా? మంచు, సాఫ్ సడక్, ఒక్క లారీ రాదు. ఐతారం వస్తే చాలు, ఇంట్ల పండుకోనీకి ఏం రోగమో ఈ పోరగాండ్లకు, సీనరీ సీనరీ అనుకుంట తెల్లారకముందే, మబ్బులనే బండ్లు తీస్తరు. ఎన్నేండ్ల సందో రాయచూరుల బండ్లు బాగుచేస్తున్న. సుంకన్నా, దెయ్యం ఉందా అని ఎవరన్న అడిగితే పానా చూపిచ్చి నవ్వెటోణ్ణి. ఇప్పుడు నవ్వస్తలేదు.

ముందుగాల రంగవ్వ సంగతి ఇను.

ఆ పక్క రైతులకు కల్లాలు ఏడున్నయి ఇప్పుడు? తారు సడకే కల్లం. జొన్నలు సడక్ మీద ఆరబోస్తరు, బండ్లు తొక్కొద్దని చుట్టు రాళ్లు పెడతరు. పోయిన ఏడాది కోతలప్పుడు రంగవ్వ అని ఒక రైతు ముసల్ది ఆ మలుపుల జొన్నలకు కావలి పండుకున్నది. తెల్లారకముందే లేచి, గింజలను కాళ్లతోని తిరగేస్తుండె. ఒక బండి వచ్చింది... గుద్దింది. ముసలిదాని చీర చక్రంల చిక్కితే, చీర చినిగేదాంక ఈడ్చుకపోయింది. బండోడు ఆగలే. జొన్నలన్ని ఎర్రగైనయి. దూరంకెళ్లి చూసినోళ్లు ఒక్కటే చెప్పిన్రు — ఆ బండికి రెండు లైట్లు, ఒకటి తెల్లది, ఒకటి పసుపుది.

అప్పట్నుంచి ఆడ ఎవ్వరూ గింజ ఆరబోయరు.

ఇగ అమరేశ్ సంగతి. మందుల దుకాణంల పనిచేస్తడు, ఒకరి జోలికి పోయెటోడు కాదు. దోస్తు శరణప్ప కాడ పెద్ద మోటరుసైకిల్ కొన్నడు. గంత మంచి బండి గంత అగ్గువకు ఎందుకిస్తుండని అడిగిండా? అడగలే. బండికి ముందర చిన్న లైటొకటి ఉంటే దానికి నల్ల టేపు చుట్టి ఉండె. అది ఎందుకనీ అడగలే.

పెండ్లయి ఆర్నెల్లు కాలే. పెండ్లాం నేత్ర గబ్బూరు రైతుల బిడ్డ. ఆ పిల్లను ఎక్కిచ్చుకొని ఐతారం మబ్బుల బయలెల్లిండు. ఆ దారి వద్దురా అన్న. "నువ్వు మా అవ్వ లెక్క మాట్లాడ్తవన్నా" అని నవ్విండు. చెప్పితే విననోణ్ణి చెడంగ చూడాలంటరు గదా... చూసిన.

ఇడపనూరు దాటినంక మంచు దట్టంగ దిగింది. దారి కానొస్తలేదు. అమరేశ్ బండి ఆపి, ఆ చిన్న లైటు టేపు పర్రున పీకి వెలిగిచ్చిండు. పసుపు రంగు.

మలుపు తిరిగిండో లేదో — సడక్ నిండ జొన్నలు. చుట్టు రాళ్లు.

నేత్ర వాని భుజం గట్టిగ పట్టుకున్నది. "ఆపు... జొన్న ఇంక చేన్ల పచ్చిగనే ఉంది గదా. కల్లం ఏడికెళ్లి వచ్చింది?" అని గుసగుసగ అన్నది.

వాడు బ్రేకు తొక్కేటప్పటికే ముందు చక్రం జొన్నల్లకు పోయింది.

నడుమల ఒక ముసల్ది. వీపు ఇటు చేసి, కాళ్లతోని గింజలు తిరగేస్తుంది. సర్ర్... సర్ర్... బండి సప్పుడుకు ఆగింది. మెల్లగ మల్లింది. సగం మొహం ఉంది. సగం సడక్ రాసుకపోయిన మాంసం.

"వచ్చినవా..." అన్నది. "నీ కోసమే చూస్తున్న."

చుట్టు పెట్టిన రాళ్లల్ల ఒకటి లేపి ఇసిరింది, అమరేశ్ మోకాలుకు తగిలింది. ఎముక పలిగిన సప్పుడు వానికే ఇనపడ్డదంట. బండి ఒక దిక్కు, నేత్ర ఒక దిక్కు పడ్డరు. ముసల్ది వాని కాలు పట్టి, ఆ పలిగిన కాలే పట్టి, సడక్ మీద బండి కాడిదాంక ఈడ్చింది. వీపు చర్మం లేచిపోయింది. వాడు మొత్తుకుంటుంటే ఎద మీద కూసొని, పిడికెడు జొన్నలు తీసి నోట్ల కుక్కింది. ఇంకో పిడికెడు. పండ్లు రెండు ఊడినయి. గింజలు గొంతుల దిగుతున్నయి, ఊపిరాడ్తలేదు. ఎడమ చెయ్యితోని మాత్రం ఆ పసుపు లైటును నిమురుతుంది, బిడ్డ తలకాయ నిమిరినట్టు. "ఇదే లైటు... ఇదే..."

నేత్ర నెత్తికెళ్లి నెత్తురు కారుతుంది. లేచింది. ఉరికి పోలే తమ్మీ, ఇంకెవరన్న అయితే ఉరుకుతుండె. చెప్పులు ఇడిసింది. కల్లంల చెప్పులతోని అడుగు పెట్టరు రైతుల బిడ్డలు, ప్రాణం పోతున్నా పెట్టరు. ఉత్త కాళ్లతోని వచ్చి మోకాళ్ల మీద కూసొని, నాలుగు గింజలు కండ్లకద్దుకున్నది.

"అవ్వా... నీ కాళ్లు మొక్కుత. బండి అదే కావొచ్చు, మనిషి ఈయన కాదవ్వా. మొన్ననే కొన్నడు."

ముసలిదాని చెయ్యి ఆగింది. వంగి, ఉన్న ఒక్క కన్నుతోని అమరేశ్ మొహం చూసింది. నోట్ల రెండు వేళ్లు పెట్టి జొన్నలు బయటికి గీకింది.

"మరి ఎవరు?"

వాడు చెప్పలే. దోస్తు గదా. మళ్ల ఇంకో పిడికెడు నోటి దాంక వచ్చింది... అప్పుడు చెప్పిండు.

"శరణప్ప."

అంతే. ఎద మీద బరువు లేదు. సడక్ మీద గింజ లేదు, రాయి లేదు. మంచుల వాండ్లిద్దరే.

పాల ఆటోల సక్కగ నా షాపుకే వచ్చిన్రు. దవాఖానకు పోరా అంటే ఇనడు. "శరణప్పకు ఫోన్ చెయ్యన్నా, జల్దీ చెయ్, నేను వాని పేరు చెప్పిన" అని ఒకటే ఏడుపు. చేసిన. శరణప్ప వాళ్లమ్మ గౌరమ్మ ఎత్తింది. ఆమె ఏడుస్తలేదు. "సుంకన్నా, జర ఇంటికి రా" అన్నది, గంతే.

పోయిన. అది మూడో అంతస్తు. లోపల గొళ్లెం పెట్టి ఉంటే తలుపు పలగ్గొట్టిన్రంట. మంచం చుట్టు రాళ్లు... వరసగ, ఆరబోసిన గింజల చుట్టు పెట్టినట్టు. నడుమ శరణప్ప. దవడ ఇరిగి కిందికి యాలాడుతుంది. పెదాలు చెవుల దాంక చినిగినయి. గొంతు నిండ, నోరు నిండ, పక్క నిండ జొన్నలు. ఎర్రటి జొన్నలు. బండ్లు గుద్దుకున్న శవాలు చూసినోణ్ణి నేను, బయటికి వచ్చి కక్కుకున్న.

గౌరమ్మ నా ఎనక వచ్చి నిలవడ్డది.

"తలుపవతలకెళ్లి ఒక ముసలిదాని గొంతు ఇన్న. 'నీ పేరు చెప్పిన్రు బిడ్డా' అన్నది. నా కొడుకు పేరు ఎవరు చెప్పిన్రు సుంకన్నా?"

అమరేశ్ పేరు నేను దాచిన. తప్పు చేసినోడే వాడు, కాదనను. ఒక ముసలిదాన్ని కుక్కను ఈడ్చినట్టు ఈడ్చి, సప్పుడుగాక బండి అమ్ముకున్నడు. అయినా ఆ తల్లి మొహం చూడలేక మెట్లు దిగొచ్చిన. అమరేశును గబ్బూరుకు, అత్తగారింటికి పంపిచ్చిన. ఆ కాలు ఇగ సక్కగ రాదంట.

ఆ జొన్నలను గౌరమ్మ ఎవ్వరినీ ముట్టనియ్యలే. అన్ని ఏరి ఒళ్లె పోసుకున్నది. ఇప్పుడు ప్రతి ఐతారం మబ్బులనే ఆ మలుపుకు పోతది. సడక్ మీద ఆ జొన్నలే పోస్తది, చుట్టు రాళ్లు పెడతది, చేతుల ఒక రాయి పట్టుకొని నిలవడతది. ఆగిన ప్రతి బండోణ్ణీ ఒక్కటే అడుగుతది — నా కొడుకు పేరు ఎవరు చెప్పిన్రు అని. తెల్వదన్న పోరగాడొకడు మొన్న తల పగిలి వచ్చి నా షాపు ముందరనే పడ్డడు.

ఆమె దెయ్యం కాదు తమ్మీ. ఊపిరితోనే ఉంది. రంగవ్వ కన్న నాకు ఆమెనే ఎక్కువ భయం.

పోతే పో మరి, నీ ఇష్టం. నీ బండి తయారే ఉంది. తెల్వదని చెప్పి ఎట్లనో... అయ్యో, థూ నా నోరు పాడుగాను! తెల్వదని ఎట్ల చెప్తవు?

నీకిప్పుడు పేరు తెలుసు గదా.