తాను మీద నూనె మరక

వనిత నాతో మాట్లాడిన మొదటి మాట "ఏంది సార్ ఇది?" అని. రెండో మాట కూడా అదే, కాకపోతే ఇంకాస్త గట్టిగా.

ఆమె చేతుల్లో తెల్ల బట్ట తాను ఉంది. దాని మధ్యలో అరచేయంత నల్లటి మరక. నేను మేడ మీది గదిలోంచి బనీనుతో, నోట్లో బ్రష్‌తో బయటికొచ్చి నిలబడ్డాను. ఈ అమ్మాయితో ఎట్లా మాట కలపాలా అని మూడు వారాలుగా అద్దం ముందు రిహార్సల్ చేసిన డైలాగులన్నీ పేస్టు నురగతో పాటు మింగేశాను.

"మరక," అన్నాను.

"మరకనే. ఎవలిది?"

"నాది కాదు."

"మీది కాదు, మీ బండిది! నిన్న తాన్లు ఆటోల ఎక్కిస్తుంటే ఒకటి జారి మీ బండి కింద పడ్డది. తీసేలోపట్నే గిట్లయింది. అది బండా, నూనె గానుగనా?"

నా పేరు జితేందర్. మాది కోరుట్ల. సిరిసిల్లలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. వనిత వాళ్ల నాన్న బుచ్చయ్య గారింట్లో మేడ మీది గది నాది. కింద షెడ్డులో వాళ్ల మరమగ్గాలు ఎనిమిది. ఇక్కడ వాటిని సాంచాలంటారు. వాటిలో ఏది మొరాయించినా పానా పట్టుకుని దాని కిందికి దూరేది వనితే. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివింది. పానాతో ఉన్నప్పుడు ఆమె ముఖంలో ఒక రకమైన కోపం ఉంటుంది. ఆ కోపం కోసమే నేను రోజూ కాలేజీకి ఆలస్యంగా బయల్దేరేవాణ్ణి.

కూతురి గొంతు విని బుచ్చయ్య గారు మెట్లెక్కి వచ్చారు.

"చూడు సారూ, నలభై ఏండ్ల సంది సాంచాలు నడిపిస్తున్న. రోజు పొద్దుగాల నా చేతుల్తోటి నూనె పోస్త. ఒక్క చుక్క బట్ట మీద పడనియ్యలే. ఐతారం దాకా టైమిస్తున్న. కారుడు బందయితే ఉండు. లేకుంటే బండి తీస్కొని ఇంకో రూం చూస్కో."

సిరిసిల్లలో గదులకేం కరువు? బస్టాండు పక్కన బోలెడున్నాయి. కానీ వాటిలో ఏ గది కిటికీ తెరిచినా కింద వనిత కనపడదు. అదీ నా బాధ.

"అంకుల్, ఐతారం దాకా ఎందుకు? ఎల్లుండి వరకే నేనే బాగు చేస్త," అన్నాను. మా వాడకట్టు మెకానిక్ బక్కయ్య బామ్మర్ది పెళ్లికని జగిత్యాల పోయి వారమైంది. అది తెలిసీ అన్నాను చూడండి, అదీ నా తెలివి.

సోమవారం ఇంజన్ అడుగు బోల్టు విప్పి, నూనె గిన్నెలోకి పట్టి, అరిగిపోయిన వాషర్ తీసేసి కొత్తది వేసి, పట్టిన నూనె మళ్లీ పోశాను. మంగళవారం పొద్దున బండి కింద మళ్లీ నూనె. సైడు కవర్ బోల్టులన్నీ బిగించాను. బుధవారం మళ్లీ నూనె. యూట్యూబ్‌లో ఒకాయన చెప్పాడని కవర్ అంచు చుట్టూ సీలెంట్ పూశాను. అది ఇంజన్‌కు కొంచెం, నా వాచీకి కొంచెం, ప్యాంటుకు మిగతాదంతా అంటుకుంది. గురువారం నూనె ఎప్పటికన్నా ఎక్కువే కారింది.

వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతున్న వనిత వాళ్లమ్మ శంకరవ్వ జాలిగా చూసింది. "గంత చదువుకున్నవ్ కొడుకా, నీకెందుకీ కష్టం? అమ్మెయ్యరాదు?"

"లేదాంటీ. ఇది మా బాపు కొనిచ్చిన బండి."

శనివారం సాయంత్రానికి నా బ్యాగు సగం సర్దుకుని ఉంది. అప్పుడు రంగంలోకి దిగింది వనిత, ఒక చేతిలో మరక పడ్డ తాను ముక్క, ఇంకో చేతిలో పౌడర్ డబ్బా పట్టుకుని.

"జరగండి సార్. ఆరు రోజుల సంది చూస్తున్న. ఏడికెల్లి కారుతుందో తెల్వకుండ అన్ని బోల్టులు బిగిస్తరా? కడుపునొస్తే తలకు కట్టు కడ్తరా మీరు?"

ఇంజన్ అంతా సబ్బునీళ్లతో కడిగించింది. తాను ముక్కతో పొడిగా తుడిపించింది. తర్వాత తన పౌడర్ డబ్బా తీసి ఇంజన్ నిండా చల్లింది. వాకిలంతా మల్లెపూల వాసన కొట్టింది.

"ఏందే, బండికి పెండ్లిచూపులా?" అంది శంకరవ్వ.

"పౌడర్ ఏడ తడిస్తే గాడ కారుతున్నట్టు, అవ్వా. సార్, స్టార్ట్ చెయ్యున్రి."

పది నిమిషాలు ఇంజన్ నడిచింది. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని, తలలు దగ్గర పెట్టి చూశాం. నేను చూడాల్సింది పౌడర్‌ను. ఆమె ముక్కు మీద కూడా కొంచెం పౌడర్ ఉంది, నేనేం చేసేది?

"గటు చూడున్రి సార్, నా మొఖం దిక్కు కాదు."

ఇంజన్ మీద పౌడర్ ఎక్కడా తడవలేదు. వాషర్ దగ్గర లేదు, కవర్ దగ్గర లేదు. నూనె పడుతున్నది ఎయిర్ ఫిల్టర్ డబ్బా కింది సన్న గొట్టం నుంచి.

వనిత నూనె మూత విప్పి, దానికున్న పుల్ల తుడిచి, ముంచి తీసింది. పైగీత దాటి రెండు వేళ్ల ఎత్తున ఉంది నూనె.

"కారుతలేదు సార్, కక్కుతుంది! ఇంజన్ల జాగ లేక ప్రెషర్‌కు పైకి తన్నుకొస్తుంది. మీరు చెప్పేది ప్రెషరే గద?"

నిన్ననే చెప్పాను ఆ చాప్టర్. "కారుతుందంటే తగ్గుతుందనే అనుకున్న," అన్నాను నీరసంగా. "అందుకే మళ్లా మూత తీసి చూడలే."

వనిత నవ్వబోయి ఆగింది. వేలికంటిన నూనె రాసి చూసింది, వాసన చూసింది. ముఖం మారిపోయింది.

"ఇది బండి నూనె కాదు. మా సాంచాల నూనె. మా షెడ్ల నూనె దొంగతనం చేస్తున్నరా సార్?"

"నేనా? దొంగతనమా? నీ మీద ఒట్టు!"

"నా మీద ఎందుకు పెడ్తున్నరు ఒట్టు?" అని పౌడర్ డబ్బా మూత పెట్టుకుని వెళ్లిపోయింది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. గది పోతే పోయింది, దొంగననే పేరుతో పోవడం ఎంత అన్యాయం! ఆ నూనె అంతా తీసేసి కొత్త ఆయిల్ సరిగ్గా గీత వరకు పోశాను. ఎవరో పోస్తున్నారు, ఎవరో తేలాలి అనుకున్నాను. ఆదివారం తెల్లవారుతుండగా వెళ్లి షెడ్డు గడప దగ్గర నూలు కోన్ల బస్తాల వెనుక నక్కాను.

అక్కడ అప్పటికే ఒకరున్నారు.

"దొంగ రానే వచ్చిండు," అంది వనిత గుసగుసగా.

"దొంగను పట్టెతందుకే వచ్చిన."

ఇంకేదో అనబోయింది కానీ లోపల దగ్గు వినిపించింది. పొడుగు ముక్కు నూనె డబ్బాతో బుచ్చయ్య గారు. మొదటి సాంచాకు పోశారు. రెండోదానికి పోశారు. వరుసగా ఎనిమిదింటికీ పోసి, షెడ్డు దాటి వాకిట్లోకొచ్చి, నా బండి ముందు కూర్చుని మూత విప్పారు.

"నీ సారు నిన్ను పట్టించుకుంటలేడు బిడ్డా," అన్నారు బండితో, నూనె పోస్తూ. "కారింది కారినట్టే పొయ్యాలె గద. ఎండిపోతవు."

వనిత రెండు చేతులతో నోరు మూసుకుంది. నవ్వుకో, సిగ్గుకో నాకు తెలియలేదు. బుచ్చయ్య గారు లోపలికి వెళ్లాక చూస్తే ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

"నలభై ఏండ్ల చెయ్యి అని ఊరంత చెప్పుకుంటడు," అంది. ఆ మాట నలుగురిలో పోకూడదనిపించింది నాకు.

ఎనిమిది గంటలకు చాయ్ దగ్గర నా కేసు విచారణకొచ్చింది.

"దొరికిందా సారూ, కారుడు?"

"దొరికింది అంకుల్. తప్పు నాదే. తెల్వక నూనె ఎక్కువ పోసిన. ఇగ కారది."

బుచ్చయ్య గారు గ్లాసు కింద పెట్టారు. "నూనె అంటే గట్ల కుమ్మరిస్తరా? ఎంత పట్టాల్నో అంతనే పొయ్యాలె! ఏం సారువు నువ్వు? నేను కనిపెట్టి రోజింత పోస్తున్న కాబట్టి నీ బండి బతికింది, ఎరికేనా?"

నేను తల ఊపాను. దించిన తల ఎత్తితే నవ్వొస్తుంది. ఎత్తలేదు.

"బాపు," అంది వనిత. "సార్ ఒక్క చుక్క ఎక్కువ పొయ్యలే. పాత వాషర్ కారుతుండె, అది సోమవారమే మార్చిండు. తర్వాత కారినదంతా నువ్వు పోసిందే. నీ మాట పోవద్దని తన మీద ఏసుకుంటున్నడు. పొద్దుగాల నువ్వు పోస్తుంటే ఇద్దరం చూసినం."

బుచ్చయ్య గారి ముఖం వాడిపోయింది. బండి వైపు చూశారు, తన అరచేతుల వైపు చూసుకున్నారు. పాపమనిపించింది నాకు.

శంకరవ్వ మాత్రం బీడీ చుట్టడం ఆపింది. "ఇద్దరా? ఏడికెల్లి చూసిండ్రు?"

"కోన్ల బస్తాల ఎనుకకెల్లి," అనేసి వనిత నాలుక కరుచుకుంది.

"పొద్దు పొడువక ముందు బస్తాల ఎనుక మీ ఇద్దరికి ఏం పని?"

"దొంగను పడుతున్నం అత్తమ్మా!" అన్నాను కంగారులో.

ఆంటీ అనాల్సిన నోరు, మూడు వారాలుగా లోపల అనుకుంటున్నది బయటపెట్టేసింది. బ్యాగు సగం సర్దే ఉంది కదా, మిగతా సగం ఐదు నిమిషాల పని అనుకున్నాను.

వనిత లేచి, వాళ్ల నాన్న పక్కనున్న నూనె డబ్బా తీసుకుంది. "బాపు, నువ్వు సాంచాలకు పొయ్యి. రేపటి సంది గా బండిని నేను చూసుకుంట."

"ఎన్ని దినాలు?" అన్నారాయన.

"ఆయన ఉన్నన్ని దినాలు."

చెప్పింది వాళ్ల నాన్నకే, చూసింది మాత్రం నా వైపు.

బుచ్చయ్య గారు చల్లారిన చాయ్ మొత్తం తాగి, మీసం తుడుచుకున్నారు. "కోరుట్లకు ఫోన్ చెయ్. మీ బాపును, అవ్వను రమ్మను. గీ బండి మీద తీస్కరాకు, బస్సుకు రమ్మను."

"అట్లనే అంకుల్," అన్నాను ఫోన్ కోసం జేబులు తడుముకుంటూ.

ఆయనకు కోపం వచ్చింది. ఈసారి నిజం కోపమే.

"దాన్ని అత్తమ్మ అంటివి, నేనింకా అంకుల్‌నేనా?"