ముప్పై అయిదు శాతం దగ్గర హత్య

చనిపోయే క్షణంలో మాస్టారు బల్ల కింద మోకాళ్ల మీద వంగి, కంప్యూటర్ వెనక వైర్లు పీకుతున్నారు. కిటికీ పక్కన సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. మొదటి తూటా వీపులోంచి దూరి ఛాతీలోంచి బయటికొచ్చి గచ్చులో దిగబడింది. రెండోది అవసరం లేదు. అయినా కాల్చారు.

బల్ల మీద మానిటర్‌కి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. "అప్‌డేట్ జరుగుతోంది. 35 శాతం. దయచేసి కంప్యూటర్‌ను ఆపవద్దు" అంటూనే ఉంది. మూడు రోజులుగా అదే మాట.

మధ్యాహ్నం రెండున్నరకి చీఫ్ గదిలోకి స్క్రూ వచ్చాడు. లోకానికి అతను కంప్యూటర్లు రిపేరు చేసే మెకానిక్. గూఢచారి డిపార్ట్‌మెంట్‌కి, పిలిస్తే పలికే మృత్యువు.

"కూర్చోకు, టైమ్ లేదు" అన్నాడు చీఫ్. "పొద్దున మాస్టారిని లేపేశారు."

స్క్రూ అరచేత్తో కళ్లు ఒత్తుకున్నాడు. అతనికి స్క్రూడ్రైవర్ పట్టుకోవడమూ, పిస్టల్ పట్టుకోవడమూ నేర్పింది ఆ మాస్టారే.

"ఏడుపు తర్వాత. సరిహద్దు అవతలి ముఠా కొత్తగా చేర్చుకున్న అయిదుగురిని నాలుగింటికి ఒక గోడౌన్‌కి పిలిచింది. గోడౌన్ ఎక్కడో మనకి తెలీదు. అయిదుగురిలో ఒకడు మనవాడని వాళ్లకి ఉప్పందింది. ఎవడో తెలిస్తే వాణ్ణొక్కణ్ణే చంపుతారు. తెలియకపోతే అయిదుగుర్నీ చంపుతారు."

"మనవాడెవరు సార్?"

చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నీ తమ్ముడు."

"వాడు నీళ్ల మోటార్లు అమ్ముతున్నాడు కదా సార్!"

"మీ ఇంట్లో నువ్వు కంప్యూటర్లు బాగుచేస్తున్నావుగా, అలాగే."

 చిన్నప్పుడు కుక్క మొరిగితే స్క్రూ చొక్కా పట్టుకుని వెనక దాక్కున్న వాడు, ఇప్పుడు ఒంటరిగా తోడేళ్ల మధ్య తిరుగుతున్నాడు.

"వాడు అక్కడ వాడే ఫోన్ నంబరూ, వెనక్కి పిలిచే కోడ్ వర్డూ మాస్టారి ఇంటి కంప్యూటర్లోనే ఉన్నాయి. డిస్క్ ఊడదీసి ఇంకోదాంట్లో పెడితే తెరుచుకోదు. ఆ కంప్యూటరే లేవాలి. అదేమో అప్‌డేట్ మధ్యలో పడకేసింది. లేపు. తోడు నెమలి వస్తుంది."

నెమలి అంటే డిపార్ట్‌మెంట్‌లో అందరికీ గుటక పడేది. విందుల్లో ఆమె ఒక్క నవ్వు నవ్వితే రాయబారులు తమ రహస్యాలు తామే అప్పజెప్పేవారు. ఈరోజు రిపేరు షాపు నీలం చొక్కా వేసుకుని, మెడలో దొంగ ఐడీ కార్డు తగిలించుకుంది. ఆ చొక్కా కూడా ఆమె ఒంటి మీద ధన్యమైపోయింది.

మూడూ అయిదుకి మాస్టారి ఇంట్లో అడుగుపెట్టారు. శవాన్ని తీసుకెళ్లిపోయారు. గచ్చు మీద నెత్తురు సగమే తుడిచి ఉంది. మాస్టారి భార్య, పెట్టె ఇంకా కాలుతూనే ఉన్న ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, సగం ఇస్త్రీ చేసిన ఆయన చొక్కా ఒళ్లో పెట్టుకుని ఉంది. స్క్రూ ఆవిడని పిన్నిగారూ అని పిలుస్తాడు.

"పొద్దున కూరలు కొనుక్కొచ్చేసరికి ఇలా..." అంది ఆవిడ. తర్వాత నెమలి వైపు చూసింది. "నువ్వు మొన్న ప్రింటు తీసుకుంటానని వచ్చిన అమ్మాయివి కదూ? ఆ రోజే చెడింది ఈ మాయదారి డబ్బా. అదీ నా చేతులతోనే."

"మీరేం చేశారు పిన్నిగారూ?"

"ఎవరూ వాడకపోతే గోడ దగ్గర స్విచ్ ఆపేయడం నా అలవాటు నాయనా. ఆయన స్నానానికి వెళ్లారు. అదేమో ముప్పై అయిదు, ముప్పై అయిదు అంటోంది. ఊరికే వెలుగుతోందని ఆపేశాను. అప్పట్నుంచీ లేవలేదు. నేను ఆపకపోతే ఆయన ఆ బల్ల కింద దూరేవారా?"

ఆవిడ ఒళ్లో చొక్కా ముడతలు సరిచేసింది. 

"పాస్‌వర్డ్ మీకు తెలుసా ఆంటీ?" అంది నెమలి మెత్తగా.

"తెలుసు. స్క్రూకే చెప్పమన్నారు."

స్క్రూ సంచీ దింపి బల్ల కింద దూరాడు. మొండికేసిన కంప్యూటర్‌కి మాస్టారు చెప్పిన మొదటి వైద్యం, వేలాడేవన్నీ పీకెయ్యడం. ప్రింటరు పీకాడు. కెమెరా పీకాడు. స్పీకర్లు పీకాడు. ఇంకా వెనక గోరంత నల్ల ముక్క ఒకటి గుచ్చి ఉంది.

"అది వదిలెయ్, మౌస్‌ది. పీకితే మౌస్ పనిచెయ్యదు" అంది నెమలి పైనుంచి.

స్క్రూ తలెత్తాడు. బల్ల అంచు మీంచి మౌస్ వైరు తన ముక్కు ముందే వేలాడుతోంది. వైరున్న మౌస్‌కి ఆ ముక్కతో పనేమిటి?

మోకాళ్ల కింద నెత్తురు ఇంకా జిగటగా ఉంది. మాస్టారు సరిగ్గా ఇక్కడే, సరిగ్గా ఇలాగే వంగి, ఈ ముక్క మీదికే చెయ్యి చాపారు. అందుకే నెమలి ఆయన్ని కాల్చింది. మొన్న ప్రింటు వంకతో వచ్చి దీన్ని గుచ్చిందీ ఆమే. కంప్యూటర్ లేచి పాస్‌వర్డ్ కొట్టగానే, ఆ ముక్క ప్రతి అక్షరాన్నీ, లోపలున్న ప్రతి ఫైలునూ ముఠాకి చేరవేస్తుంది. తమ్ముడి పేరుతో సహా. మూడు రోజులుగా అది చేరవేయలేకపోయిందంటే, పిన్నిగారు స్విచ్ ఆపినందుకే.

 పాస్‌వర్డ్ కొట్టేదాకా నెమలి తనని కాల్చదు. "సరే, అది వదిలేస్తాలే" అని పైకి లేచాడు.

మూడుసార్లు బలవంతంగా ఆపి, మూడుసార్లు వేశాడు. నాలుగోసారి నీలం రంగు రిపేరు తెర వచ్చింది. "చివరి అప్‌డేట్‌ను తొలగించు" అన్న వరస మీద నొక్కాడు. పాత స్థితికి తెస్తున్నాం, అయిదు శాతం అంది మానిటర్. ఇరవై. నలభై. టైమ్ మూడూ నలభై అయింది. అరవై దగ్గర, బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి నల్ల ముక్క పీకేశాడు.

నెమలి పిస్టల్ తీసింది.

స్క్రూ కుర్చీని కాలితో తన్నాడు. తూటా గురి తప్పి అతని ఎడమ చెవి అంచు లేపుకుపోయింది. రెండోది భుజంలో దిగింది. అతను మీద పడి ఆమె మణికట్టును బల్ల అంచుకేసి కొట్టాడు. ఎముక పుటుక్కుమంది, పిస్టల్ ఎగిరిపోయింది. ఆమె రెండో చేత్తో జడలోంచి ఉక్కు సూది లాగి అతని తొడలో పిడిదాకా దింపింది. స్క్రూ కేకపెట్టి చేతికందిన కీబోర్డు ఎత్తాడు. పాస్‌వర్డ్ కొట్టాల్సింది దానిమీదే అని గుర్తొచ్చి, భద్రంగా పక్కన పెట్టి, ప్రింటరు ఎత్తి మొహం మీద వేశాడు. రెండు పళ్లు గచ్చు మీద దొర్లాయి.

"ఎనభై ఎనిమిది" అంది పిన్నిగారు మానిటర్ చూసి. ఆవిడ గొంతు వణకలేదు.

నెమలికి ఆట అర్థమైంది. కంప్యూటర్ తమకి దక్కకపోతే ఎవరికీ దక్కకూడదు. నెత్తురు ఉమ్ముతూ గోడవైపు పాకింది. సూది దిగిన కాలు లేవక, స్క్రూ ఆమె చీలమండ పట్టుకున్నాడు. ఆమె మడమతో అతని ముక్కు పగలగొట్టింది.

తొంభై ఆరు. నెమలి వేళ్లు స్విచ్ మీద పడ్డాయి.

కాలుతున్న ఇస్త్రీ పెట్టె ఆ వేళ్ల మీద దిగింది. చర్మం చురచురలాడింది, గది దద్దరిల్లేలా అరుపు వినిపించింది. పిన్నిగారు రెండు చేతులతో బరువంతా వేసి నొక్కి పట్టుకుంది.

"మా ఇంట్లో ఆ స్విచ్ ఆపేది నేనొక్కదాన్నే" అంది.

నెమలి విదిలించుకుని, విరిగిన చేత్తోనే ఆవిడ గొంతు దొరకబుచ్చుకుంది. స్క్రూ జేబులోంచి పసుపు పిడి స్క్రూడ్రైవర్ తీశాడు. డిపార్ట్‌మెంట్ తయారీ. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు గానీ, ఒక్క తూటా పేలుస్తుంది. పేల్చాడు. నెమలి నుదుట ఎర్ర చుక్క పడింది. ఆమె గోడకి జారగిలబడి అలాగే ఉండిపోయింది.

నూరు శాతం. పాస్‌వర్డ్ గడి తెరుచుకుంది. పిన్నిగారు గుసగుసగా చెప్పింది, స్క్రూ నెత్తుటి వేళ్లతో కొట్టాడు. నంబరు దొరికింది. కోడ్ దొరికింది. టైమ్ మూడూ యాభై ఎనిమిది.

రెండు రింగులు. మూడు.

"హలో?"

"గొడుగు మర్చిపోయారు" అన్నాడు స్క్రూ. "ఇంటికొచ్చి తీసుకెళ్లండి."

అవతల ఊపిరి ఆగింది. ఇనుప తలుపు కిర్రుమంటోంది, ఎవరో పేర్లు పిలుస్తున్నారు. అడుగులు గబగబా దూరంగా నడిచాయి, తర్వాత పరుగెత్తాయి.

"గేటు దాటాను" అంది ఆ గొంతు రొప్పుతూ. గోడౌన్ అడ్రసు రెండు ముక్కల్లో చెప్పింది. ఆ తర్వాత రూలు తప్పి, చిన్నప్పటి గొంతుతో, "అన్నయ్యా, నువ్వేనా?" అంది.

స్క్రూ ఏడుస్తూనే చీఫ్‌కి అడ్రసు పంపాడు. అయిదో నిమిషంలో చీఫ్ మనుషులు గోడౌన్‌ని చుట్టుముట్టారు. మిగతా నలుగురూ ప్రాణాలతో బయటికొచ్చారు. ముఠాలో ఒక్కడూ రాలేదు.

పిన్నిగారు చొక్కా చించి అతని భుజానికి కట్టు కడుతోంది. అది మాస్టారి చొక్కాయే.

"మీరు స్విచ్ ఆపకపోతే ఆ ముక్క మొన్ననే అంతా చేరవేసేది పిన్నిగారూ" అన్నాడు. "నా తమ్ముణ్ణి బతికించింది మీ అలవాటే."

 ఆవిడ కళ్లు తుడుచుకుని గోడవైపు చూసింది.

"ఇంక ఆపేయమంటారా?" అన్నాడు స్క్రూ.

"వద్దు. ఇవాళ్టికి వెలగనీ."

అదే అదనుగా మానిటర్ కిణుక్కుమంది. కొత్త అప్‌డేట్ సిద్ధంగా ఉంది, ఇప్పుడే మొదలుపెట్టమంటారా అని అడిగింది. రెండు తూటాలకీ ఒక సూదికీ బెదరని స్క్రూ, వణికే చేత్తో 'తర్వాత' మీద నొక్కాడు.