నురగకు కారణం

వంటగదిలో పరచిన పాత తువ్వాళ్ళన్నీ తడిసిపోయాక, ఇక తన వల్ల కాదని ఒప్పుకుని దంతవైద్యుడు సర్వీసు షాపుకు ఫోను చేశాడు. తలుపు తెరిచేసరికి గుమ్మంలో, భుజాన బరువైన సంచితో, వానకు సగం తడిసిన ఒక యువతి నిలబడి ఉంది.

"డిష్‌వాషర్ ఎక్కడండీ?"

"లోపల. మీరు ఒక్కరే వచ్చారా? దాన్ని బయటికి జరపాలేమో, చాలా బరువు. అందుకని అడిగాను."

"జరపడానికి మీరున్నారుగా."

అతను జరిపాడు. ఆమె నేల మీద కూర్చుని, యంత్రం తలుపు దించి, అతని చేతికి టార్చి ఇచ్చింది. అతని వృత్తిలో దీపం ఎప్పుడూ వేరొకరు సరిచేసేదే కనుక ఆ పని అతనికి అలవాటు లేదు. యంత్రం అడుగున పడవలసిన వెలుగు కొద్దిసేపటికి ఆమె చెంప మీదికి, అక్కడ ఇంకా ఆరని వానచుక్క మీదికి జారింది.

"డాక్టర్‌గారూ, లీకు నా మొహంలో లేదు."

"సారీ. చెయ్యి లాగుతోంది."

"పళ్ళు పీకే చేతికి టార్చి బరువా?"

"పీకడం ఆఖరి మాటండీ. ముందు కారణం వెతుకుతాం. నొప్పి ఒక పంట్లో తెలుస్తుంది, పుచ్చు ఇంకో పంట్లో ఉంటుంది."

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. "ఇక్కడా అంతే," అంది, ఈసారి ఎగతాళి లేకుండా.

అడుగున ఉన్న ఫిల్టరును తిప్పి బయటికి తీసింది. ఏదో సీసా మీద అంటించిన లేబుల్ కాగితపు ముక్క ఒకటి తప్ప అందులో ఏమీ లేదు.

"ఒక్క తిండి తునక కూడా లేదే. మీ ఇంట్లో అసలు తింటారా?"

గది అవతలి మూల కూరగాయలు తరుగుతున్న అతని తల్లి కత్తి ఆపింది. మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. 

మెకానిక్ యంత్రంలో నీళ్ళు చిమ్మే రెక్కల కన్నాలను సూదితో పొడిచింది, తలుపు చుట్టూ ఉన్న రబ్బరును తుడిచి బిగించింది, యంత్రాన్ని ఖాళీగా నడిపి చూసింది. చుక్క కారలేదు.

"అయిపోయింది పిన్నిగారూ. ఇక వాడుకోవచ్చు."

దంతవైద్యుడు ఉలిక్కిపడ్డాడు. "మా అమ్మని పిన్నీ అంటారేంటి?"

"మరేమనాలి?"

"ఆంటీ అనండి, మేడమ్ అనండి. పిన్ని మాత్రం వద్దు."

పిన్ని కొడుకు ఏ వరస అవుతాడో వీధి మలుపు తిరిగేదాకా ఆమెకు తట్టలేదు. తట్టాక, వానలోనే కాసేపు నిలబడిపోయింది.

వారం గడవకముందే యంత్రం మళ్ళీ కారింది. ఆమె వెళ్ళి రబ్బరు మార్చి వచ్చింది. అది మళ్ళీ కారింది. సర్వీసు షాపు ఆమె బాబాయిది. ఆయన ఫోను పెట్టేసి ఆమె వైపు తిరిగాడు.

"మళ్ళీ ఆ పళ్ళ డాక్టరింటి నుంచే. ఇదే ఆఖరుసారి వెళ్ళడం. ఇంకోసారి అక్కణ్ణించి ఫోనొస్తే బయటి పనులు మానేసి కౌంటర్లో కూర్చో. ఫోన్లెత్తు. హాయిగా నీడపట్టున ఉంటావు."

"నాకు నీడ అక్కర్లేదు బాబాయ్."

"నిన్ను అడగట్లేదు, చెప్తున్నా."

"నేనూ చెప్తున్నా. కూర్చోను."

ఆమె అన్నంత తేలిక కాదు ఆ మాట. షాపు ఆయనది, పనులు పంచేది ఆయన. ఆ సంచి తన భుజానికెక్కడానికి ఆమె ఆయనతో ఎంతకాలం పోరాడిందో ఇంట్లో అందరికీ తెలుసు. అది దిగిపోవడానికి మాత్రం ఒక వంటగదిలో కారే నీళ్ళు చాలు.

ఆ కోపంతోనే వెళ్ళి యంత్రం తలుపు తీసింది. లోపలినుంచి తెల్లటి నురగ పొంగుకొచ్చి ఆమె మోకాళ్ళ మీద పడింది. వేలితో తీసి వాసన చూసింది. నిమ్మ వాసన. మెల్లగా తల తిప్పి, చెప్పకుండానే టార్చి పట్టుకుని సిద్ధంగా ఉన్న దంతవైద్యుణ్ణి చూసింది.

"ఎందుకు పోశారు?"

"ఏంటి పోసింది?"

"చేత్తో గిన్నెలు తోముకునే లిక్విడ్. అది లోపల పడితే నురగ పొంగుతుంది. నురగ తలుపు సందులోంచి కారుతుంది. కింది ట్రేలోకి నీళ్ళు చేరగానే మెషీన్ తనంతట తనే ఆగిపోతుంది. మీరు ఫోన్ చేస్తారు, నేనొస్తాను, మీరు టార్చి పట్టుకుంటారు. బావుందండీ ప్లాను."

అతని చెవులు ఎర్రబడ్డాయి. కానీ చూపు దించలేదు.

"మిమ్మల్ని చూడాలనిపిస్తే నేరుగా మీ షాపుకొచ్చి, మీ బాబాయి ముందే ఆ మాట చెప్తాను. దానికి నురగెందుకు? నాకు నోరుంది."

"చూడాలనిపిస్తే, అంటున్నారు."

"అనిపించింది. అది వేరే సంగతి. నేను పోయలేదు, అది ఈ సంగతి. రెండూ కలపకండి."

ఆమె నురగను గుడ్డతో తీసి బకెట్లో పిండుతూ, అతని వైపు చూడకుండా కౌంటరు సంగతి చెప్పింది. అతను విన్నాడు.

"అయితే నేనే పోశానని మీ బాబాయికి చెప్తాను."

"ఇప్పుడేగా పోయలేదన్నారు?"

"పోయలేదు. కానీ ఆ మాటతో మీ పని నిలబడేట్టయితే..."

"వద్దు. అబద్ధంతో అతుకేస్తే రేపు మళ్ళీ కారుతుంది. నాకు అసలు కారణం కావాలి."

సింకు పక్కన పళ్ళేలు, గ్లాసులు దొంతరగా ఉన్నాయి.

"ఇవి కడిగినవేనా?"

"కాదు, తర్వాత మెషీన్లో పెట్టాల్సినవి."

ఆమె ఒక పళ్ళెం ఎత్తింది. అందులో ఆమె ముఖం కనబడింది. బొటనవేలితో రాస్తే వేలు జారింది. ఇంతలో, తడిసిన మోకాళ్ళు తుడుచుకొమ్మని అతని తల్లి పొడి తువ్వాలు అందించింది. తువ్వాలు పట్టుకున్న వేళ్ళ కొసలు ఎర్రగా పగిలి ఉన్నాయి. తునక లేని ఫిల్టరు, మెరిసే పళ్ళెం, ఈ వేళ్ళు. మెకానిక్ మనసులో ఒకదాని వెనుక ఒకటిగా వరుసలో నిలబడ్డాయి.

"డాక్టర్‌గారూ, ఈ మెషీన్ ఎందుకు కొన్నారు?"

"అమ్మ చేతులకి సబ్బు పడదు. చర్మం డాక్టర్ సబ్బు ముట్టుకోవద్దన్నాడు."

"మరి చేతులు మానాయా?"

అతని చేతిలోని టార్చి మెల్లగా తల్లి చేతుల వైపు తిరిగింది. ఆమె వాటిని దాచుకోలేదు.

"నేనే," అంది. "కడిగే పెడతాను. ఏం?"

"కడిగి పెట్టడానికి మెషీనెందుకమ్మా?"

"నన్నడిగి తెచ్చావా? మురికి గిన్నెని ఇంకొకరి చేతికివ్వడం నాకు చేతకాదు. మనిషైనా సరే, మెషీనైనా సరే. నీ దగ్గరికొచ్చేవాళ్ళు పళ్ళు తోముకోకుండా వస్తారా?"

"అది కాదమ్మా, ఇన్నిసార్లు కారింది కదా. చెప్పొచ్చుగా?"

"చెప్తే కడగనిస్తావా? చేతులు నావి. పగిలినా నావే."

తన పక్షాన మాట్లాడుతుందని అతను మెకానిక్ వైపు చూశాడు. ఆమె నేల మీద నుంచి లేవకుండానే తల్లి వైపు తిరిగింది.

"తప్పు నాది కూడా. ఖాళీగా నడిపి బాగైందనుకున్నాను, మీ గిన్నెలు పెట్టి చూడలేదు. మీరు శుభ్రంగా కడిగాననుకున్నా పళ్ళేలకి సబ్బు అంటుకునే ఉంది, అదే లోపల పొంగుతోంది. ఇంకోటి చెప్పనా? ఇందులో వేసే పొడికి పట్టుకోవడానికి కాస్త జిడ్డుండాలి. అది దొరక్కపోతే గాజు మీద పడుతుంది. మీ గ్లాసులు మసకబారింది అందుకే. మిగిలింది గీకి పారేసి పెట్టండి చాలు."

"గీకి ఊరుకోవడమా?"

"అవును. మీ పని అది లాక్కుందని మీకు కోపం. దాని పని మీరు లాక్కున్నారని దానికీ కోపం."

"దానికీ రోషమేనా?"

"కక్కింది చూశారుగా."

తల్లి నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత మెకానిక్ లోపల కాస్త వెనిగర్ చల్లి నురగ అణచింది, నీళ్ళు తోడించింది, ఫిల్టరు తీయడం, తిరిగి పెట్టడం తల్లి చేతనే చేయించింది. రెండోసారికే తల్లి దాన్ని ఒక్క మలుపుతో బిగించి, కొడుకు వైపు తిరిగింది.

"ఇకనుంచి దీన్ని నేను తప్ప ఎవరూ ముట్టుకోవద్దు." ఆ తర్వాత మెకానిక్‌తో అంది: "ఆ కౌంటరు గొడవేంటమ్మాయ్? విన్నాలే."

"అది మా ఇంటి గొడవండీ."

"నురగ మా ఇంటిది."

మర్నాడు ఉదయం షాపు తెరిచీ తెరవగానే తల్లీ కొడుకూ కౌంటరు ముందున్నారు. జరిగింది జరిగినట్టు తల్లి చెప్పింది. క్షమించమని మాత్రం అనలేదు. బాబాయి ఓపికగా విన్నాడు.

"కస్టమర్లన్నాక పొరపాట్లు మామూలేనమ్మా. మా పిల్ల సంగతి వేరు. వాననకా ఎండనకా ఇళ్ళెంట తిరుగుతోంది. కాస్త విశ్రాంతిగా ఉంటుందని..."

"అడిగారా?"

"ఏంటండీ?"

"విశ్రాంతి కావాలా అని తనని అడిగారా? మావాడూ నాకు విశ్రాంతి ఇచ్చాడు, అడక్కుండానే. వంటిల్లంతా నురగ."

బాబాయి అన్నకూతురి వైపు చూశాడు. ఆమె సంచి తీసి కౌంటరు మీద పెట్టింది.

"కౌంటర్లో ఎవరో ఒకరు కూర్చోవాలంటే ఇది కూర్చుంటుంది బాబాయ్. దీన్ని వదిలి నేను మాత్రం కూర్చోను. ఇక్కడ కుదరదంటే ఇంకో షాపుకి వెళ్తా."

ఆయన పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. ఆమె ఉత్తినే బెదిరించే మనిషి కాదని ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు. చివరికి మాట తప్పించడానికన్నట్టు దంతవైద్యుణ్ణి చూపించాడు.

"ఇతనెవరు?"

"కస్టమరు. టార్చి పట్టుకుంటాడు. సరిగ్గా కాదు."

దంతవైద్యుడు ఒక అడుగు ముందుకు వేశాడు. "మీ ముందే చెప్తానన్నాను, అందుకని వచ్చాను. ఈవిడంటే నాకిష్టం. పెళ్ళి చేసుకోవాలని ఉంది. సరేననాల్సింది మీరు కాదు, ఆవిడ. కానీ మీ వెనకాల మాత్రం అడగను."

"మరి పెళ్ళయ్యాక ఈ సంచో?" అన్నాడు బాబాయి, ఆశ వదులుకోలేక.

"నేనెక్కడికెళ్తే అదీ అక్కడికే," అంది ఆమె.

ఫోను మోగింది. బాబాయి ఎత్తి, విని, చీటీ రాశాడు. ఎవరి ఇంట్లోనో డిష్‌వాషర్‌లోంచి నీళ్ళు బయటికి పోవడం లేదు. చీటీని కాసేపు వేళ్ళ మధ్య నలిపి, ఎవరి కళ్ళలోకీ చూడకుండా ఆమె వైపు జరిపాడు.

"ఈ పని పూర్తిగా చూసిరా. పెట్టే గిన్నెలు కూడా చూడు."

ఆమె సంచి భుజానికెత్తుకుంది. దంతవైద్యుడు దారిలోనే నిలబడి ఉన్నాడు. అతన్ని దాటుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. జవాబు అతనికి కాదు, అతని తల్లికి చెప్పింది.

"అత్తయ్యా, ఆ గాజు గ్లాసులు ఇక కడక్కండి."

వరస మారిందని అక్కడున్న వాళ్ళలో అందరికంటే ఆలస్యంగా తెలుసుకున్నవాడు దంతవైద్యుడే. తెలిసేసరికి ఆమె వీధిలో ఉంది. అతను వెనకే పరిగెత్తాడు.

"కడగను," అంది తల్లి, వెళ్ళిపోతున్న ఇద్దరికీ వినబడేలా. "మిగతావి ఆలోచిస్తాను."