అయ్యగారి వెనక కుర్చీ

శనివారం ఉదయం పాస్టరు అయ్యగారు వంటింటి బల్ల మీద కాగితం పరుచుకుని మర్నాటి ఆరాధన క్రమం రాసుకుంటున్నారు. పాలు దింపుతూ భార్య అంది, "సోమవారం ఆస్పత్రికి మీరూ రండి. నా గడ్డ ఎలాంటిదో ఆ రోజే చెబుతారట."

"ఊఁ. రెండో పాట ఏ శ్రుతిలో ఎత్తుకుందాం? పోయిన వారం ముసలాళ్ళకి గొంతు అందలేదు."

"కాస్త దింపుదాం. మరి సోమవారం..."

"సోమవారం దర్జీ ఇంట్లో ప్రార్థన ఉందిగా. వాళ్ళమ్మాయికి జ్వరం తగ్గట్లేదట పాపం."

"ఆ పిల్ల జ్వరం గుర్తుంది. నా గడ్డ సంగతే ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు."

"విన్నాను లేవోయ్! నువ్వే బెంబేలెత్తితే సంఘానికి ధైర్యం ఎవరు చెబుతారు?"

ఆమె స్టవ్ కట్టేసింది. "ఎవరికి తలనొప్పి వచ్చినా అయ్యగారున్నారు. అయ్యగారి భార్యకొస్తే ఎవరున్నారండీ? నేనూ మందిరంలో అందరితోపాటు లేచి చెయ్యెత్తనా?"

ఆయన నవ్వేశారు. ఆమె నవ్వలేదు.

మందిరంలో ఆమె చోటు ఆయన వెనక, కీబోర్డు దగ్గర. పెళ్ళయిన నాటి నుంచీ ఆదివారాల్లో ఆమెకు కనిపించేది ఆయన వీపే. జనం లేచి విన్నపాలు చెప్పుకుంటుంటే సన్నగా వాయిస్తూ ఉండటం ఆమె పని. ఆ ఆదివారం దర్జీ లేచి కూతురి జ్వరం గురించి చెప్పాడు. పక్కనున్నవాళ్ళు అతని భుజం మీద చెయ్యి వేశారు. ఆ తర్వాత ఉద్యోగం పోయినతను లేచాడు. అతని భుజానికీ చేతులు దొరికాయి.

"ఇంకెవరైనా?" అన్నారు అయ్యగారు, బెంచీల వైపే చూస్తూ.

కీబోర్డు ఆగిపోయింది. కరెంటు పోయిందేమోనని ఆయన తలెత్తారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అప్పుడు వెనక్కి తిరిగారు.

ఆమె చెయ్యెత్తి నిలబడి ఉంది.

"రేపు ఆస్పత్రిలో నా రిపోర్టు చెబుతారు," అంది. "భయంగా ఉందండీ."

ఎవరికోసమైనా తడుముకోకుండా ప్రార్థించే మనిషి మైకు పక్కన పెట్టి, వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశారు.

"ఇంట్లోనే చెప్పావు. విన్నాననుకున్నాను," అన్నారు.

దర్జీ మళ్ళీ లేచాడు. "అయ్యగారూ, రేపు మా ఇంటికి రాకండి. అమ్మగారితో వెళ్ళండి. ఇప్పుడు మీరిద్దరూ కూర్చోండి, ప్రార్థన నేను చేస్తాను. తప్పులుంటే దేవుడే సర్దుకుంటాడు."

సన్నగా వాయించేవాళ్ళు లేక ఆ మందిరంలో అతని బొంగురు గొంతు ఒక్కటే వినిపించింది. పనిలేని ఆమె వేళ్ళు పక్కన కూర్చున్న ఆయన ఒళ్ళో ఉన్నాయి. వాటి మీద ఆయన కన్నీళ్ళు పడుతున్నాయి.